ఊరి బడా, గురుకులమా, ప్రైవేటులో ఉచిత సీటా?

మార్చి వచ్చిందంటే మా మీసేవ సెంటరు గుమ్మం ముందు చెప్పులు పేరుకుపోతాయి. చేతిలో ఆధార్ జిరాక్సులు, నోట్లో ఒకటే మాట: "అమ్మా, మా గుంటని ఎందులో వెయ్యమంటావు?" ఫారం నింపించుకోడానికి వచ్చినవాళ్లు పనిలో పనిగా సలహా కూడా అడుగుతారు. కిందటేడు మా ఆడపడుచు కూతురి విషయంలో ఈ తలనొప్పి నాకూ వచ్చింది. అప్పుడు వేసుకున్న లెక్కే ఇది. మాది శ్రీకాకుళం జిల్లా, రణస్థలం వైపు.

ముందు ప్రైవేటు సీటు సంగతి తేల్చేద్దాం. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బళ్లు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకి ఇవ్వాలి. చట్టం 2009దైనా మన రాష్ట్రంలో అది కదిలింది 2022-23 నుంచి. చేరిక ఒకటో తరగతిలోనే, కాబట్టి ఐదో తరగతి పిల్లని పట్టుకొచ్చి అడిగితే నేనేం చెయ్యలేను. ఇంకోటి, చట్టం కాసేది ఎనిమిదో తరగతి వరకే. తొమ్మిదిలో ఫీజు ఎవరు కడతారో ఒకటో తరగతిలోనే అడగండి. "ఉచితం" అన్న మాటకీ ఓ మెలిక ఉంది. మొదట్లో పల్లెలో 6,500, పట్నంలో 8,000 అని ఫీజు ఖరారు చేసి, దాన్ని అప్పట్లో తల్లి ఖాతాలో పడే అమ్మఒడి పథకం డబ్బులోంచే కట్టమన్నారు. మా వీధిలో ఒకావిడ సీటొచ్చిందని సంబరంగా వెళ్తే, బస్సుకి వేరే, పుస్తకాలకి వేరే అని చీటీ రాసి చేతిలో పెట్టారు. బడి ఇంటి పక్కనే ఉండి, పై ఖర్చులు మోయగలిగితే తప్ప నేను దీని జోలికి వెళ్లమని చెప్పను.

ఇక అసలు పోటీ ఊరి బడికీ గురుకులానికీ.

డబ్బులు చూస్తే ఊరి బడి తక్కువేం కాదు. మధ్యాహ్నం భోజనం, వారానికి ఐదు రోజులు గుడ్డు, చిక్కీ, రాగిజావ. బ్యాగు, బూట్లు, యూనిఫాం బట్ట, పుస్తకాలు వాళ్లే ఇస్తారు. తల్లికి వందనం పథకం కింద 2025 జూన్‌లో పిల్లకి 15,000 చొప్పున ఇచ్చారు; బడి నిర్వహణకని 2,000 పట్టుకుని 13,000 తల్లి ఖాతాలో వేశారు. ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అందరికీ. మాస్టర్లు కూడా డీఎస్సీ రాసి వచ్చినవాళ్లే, చదువు చెప్పడం రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మరి మా పిల్ల ఎందుకు వెనకబడింది? వాళ్ల నాన్న ఆగస్టులో చేపల వేటకి గుజరాత్ వేరావల్ వెళ్లి బోటెక్కితే మళ్లీ వచ్చేది ఏప్రిల్‌కి. మా ఆడపడుచు పైడిభీమవరంలో కంపెనీ పనికి పోతుంది. బి షిఫ్టు పడిన వారం మధ్యాహ్నం వెళ్లి రాత్రి పదిన్నరకి ఇల్లు చేరుతుంది. నాలుగున్నరకి బడి వదిలాక ఈ గుంట ఏం చేస్తుంది? తమ్ముణ్ణి చూసుకోవాలి, అన్నం వండాలి, ఆ తర్వాత ఫోను. నోటుబుక్కు ముత్యాల్లాంటి అక్షరాలతో నిండి ఉంటుంది, అడిగితే ఒక్క ముక్క రాదు. ఇందులో బడి తప్పేం లేదు. బడి చెయ్యగలిగింది నాలుగున్నరకి అయిపోయింది.

నన్నడిగితే మొత్తం తేలేది ఇక్కడే. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా పిల్ల పక్కన ఎవరుంటారు? ఉంటే ఊరి బడే మేలు, కళ్లు మూసుకుని వేసెయ్యండి. ఉండే మనిషికి చదువు రాకపోయినా ఫర్వాలేదు. "పుస్తకం తియ్యవే" అని గసిరే మామ్మ ఒకత్తి చాలు. ఎవరూ లేకపోతే గురుకులమే. అక్కడ సాయంత్రం స్టడీ అవర్ ఉంటుంది, తెల్లారగట్ట లేపుతారు, తమ్ముడి బాధ్యత ఉండదు.

గురుకులం స్వర్గమని చెప్పడం లేదు. 2023లో పెంచాక కూడా హాస్టళ్లు, గురుకులాల్లో ఐదు నుంచి పదో తరగతి పిల్లలకి నెలకి తిండి ఖర్చు 1,400. రోజుకి 47 రూపాయలు కూడా పడదు, మూడు పూటలకీ కలిపి. ఈ రోజుల్లో టీ, టిఫినుకే అంతవుతుంది. నీళ్ల సంగతి ఇంకా టెన్షన్. 2025 అక్టోబరులో మన్యం జిల్లా కురుపాం గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు వచ్చి పదుల మంది ఆస్పత్రి పాలయ్యారు. అందుకే చేర్పించే ముందు తాగునీళ్ల ట్యాంకు, మరుగుదొడ్లు చూసి రండి. క్లాసురూములు తర్వాత చూసుకోవచ్చు.

మేం కస్తూర్బా విద్యాలయం ఎంచుకున్నాం, అదీ హాస్టలున్న సర్కారు బడే. దానికి కారణం చాలా చిన్నది: మేం మేలుకున్నది ఆలస్యంగా. అంబేడ్కర్ గురుకులమైనా, బీసీ గురుకులమైనా చేరిక ఐదో తరగతిలో, కాబట్టి పరీక్ష నాలుగు చదువుతుండగానే రాయాలి. మా పిల్ల అప్పటికి ఐదులో ఉంది. కస్తూర్బాలో ఆరో తరగతిలో చేర్చుకుంటారు, ఆడపిల్లలకే, రాత పరీక్ష లేదు. ఇంటరు దాకా అక్కడే చదవొచ్చు. మొదటి నెలంతా ఏడుపే. దసరాకి వచ్చినప్పుడు నెత్తి నిండా పేలు. మా ఆడపడుచు "వదినా, నీ మాట వినడం నాదే బుద్ధితక్కువ" అని రెండ్రోజులు మాట్లాడలేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు మాత్రం ఆ పిల్ల తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించింది, ఎవరూ చెప్పకుండానే.

మిగతావి: కేంద్రం నడిపే హాస్టలు బడి నవోదయ మా శ్రీకాకుళం జిల్లాలో వెన్నెలవలసలో ఒకటి, పక్కన విజయనగరం జిల్లాలో కిల్తంపాలెంలో ఒకటి ఉన్నాయి. సీట్లు 80, పోటీ వేలల్లో. వస్తే ఇంక నన్నడగక్కర్లేదు. గిరిజన పిల్లలకి ఏకలవ్య హాస్టలు బడి ఉంది, ఆరో తరగతిలో చేరడానికి పరీక్ష రాయాలి. వలస వెళ్లేవాళ్ల కోసం సీజనల్ హాస్టళ్లు పెడుతుంటారు గానీ అవి ఆ కొన్ని నెలలకే.

ఏ ఫారానికి వచ్చినా ఒకటి చూసుకుని రండి: ఆధార్‌లో పుట్టిన తేదీ, బడి రికార్డులో తేదీ ఒకటేనా? మా సెంటరులో సగం గొడవ దానికే. ఆఖరి రోజు సాయంత్రం ఆరింటికి వచ్చి మార్చమంటే అది నా చేతిలో లేదు.