కొచ్చి బినాలే: చొక్కాల మీద ధరలు, గది బిల్లులో ఏసీ

కేరళలోని కొచ్చిలో రెండేళ్ళకోసారి జరిగే కళా ప్రదర్శన, బినాలే. దానికి వెళ్ళేవాళ్ళకి ఫోర్ట్ కొచ్చిలో బస గురించే ముందు చెప్పాలి, దెబ్బ తగిలేది అక్కడే. 2018-19 బినాలే రోజుల్లో రెండు రాత్రులకి 3,600 అని మాట్లాడుకున్న హోమ్‌స్టే, ఖాళీ చేసేసరికి 4,900 అయింది. ఏసీకి రాత్రికి 500 చొప్పున వెయ్యి, టిఫిన్‌కి 300. టిఫినంటే బ్రెడ్డు ముక్కలూ అరటిపండూ. సీ వ్యూ కిటికీ తెరిస్తే పక్కింటి నీళ్ళ ట్యాంకు. దోమతెర అడిగితే కాయిల్ చేతిలో పెట్టారు. ఏసీ, టిఫిన్, చెకౌట్ టైము మూడూ ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. లేదంటే అవతలి ఒడ్డున ఎర్నాకుళంలోనే దిగి రోజూ బోటులో దాటడం నయం. ఇప్పుడైతే హైకోర్టు దగ్గర వాటర్ మెట్రో బోటు కూడా ఉంది, 40 రూపాయలు.

సికింద్రాబాద్ నుంచి ఎర్నాకుళానికి శబరి ఎక్స్‌ప్రెస్‌లో సుమారు ఒక రోజు. ఇబ్బందేం లేదు.

2018-19లో బినాలే టికెట్ 100. ముఖ్య వేదిక ఆస్పిన్‌వాల్ హౌస్‌కే ఒక పూట పట్టింది. పాత గోదాములు, మధ్యాహ్నం ఉక్కపోత చంపేస్తుంది; పదింటికి తలుపులు తీయగానే దూరాలి. ఆ ఏడు ముందుగా వెళ్ళాల్సింది కళాకారిణి శిల్పా గుప్తా గదికి. రాసినందుకు జైలుపాలైన వందమంది కవులకి వంద మైకులు. మైకుల్నే స్పీకర్లుగా మార్చి వేలాడదీశారు. ఒకటి ఒక పాదం చదివితే మిగతావి అందుకునేవి. జనం పెరిగాక వెళ్తే గుసగుసల్లో సగం పోయేది. ఫోటో తీసుకుని వచ్చేస్తే ఏమీ చూడనట్టే, అరగంటైనా కూర్చోవాల్సిన చోటది.

బిల్లు చూసిన దగ్గర్నుంచి ముఖం ముడుచుకున్న బాబాయి "వంద పెట్టి గోదాములు చూడాలా" అంటూనే వచ్చారు. ఆయన్ని ఆపింది దక్షిణాఫ్రికా కళాకారిణి స్యూ విలియమ్సన్ పెట్టిన 119 చొక్కాలు. 17వ శతాబ్దంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ మన దేశం నుంచి దక్షిణాఫ్రికాలోని కేప్‌కి బానిసలుగా తరలించిన మనుషులకి గుర్తులివి. ఒక్కో చొక్కా మీద నల్ల సిరాతో పేరు, వయసు, పుట్టిన చోటు, అమ్మినవాడు, కొన్నవాడు, ధర. కేప్‌టౌన్ కోట దగ్గర బురదనీళ్ళలో ముంచి మళ్ళీ ఇక్కడికి తెచ్చి ఆరేశారు. అదే కంపెనీకి మచిలీపట్నంలోనూ వర్తక కొఠీ ఉండేదని గుర్తు పెట్టుకుని చూస్తే దూరపు సంగతిలా అనిపించదు. బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకుని, హోమ్‌స్టే బిల్లు చదివినంత శ్రద్ధగా వరసలో ఒక్కో ధరా చదువుకుంటూ వెళ్ళారు. బంగ్లాదేశ్ కళాకారిణి మర్జియా ఫర్హానా వేలాడదీసిన వరద పాడుచేసిన ఇంటి సామాన్ల దాకా మళ్ళీ గది ఊసెత్తలేదు.

మట్టాంచేరి కాయీస్ హోటల్లో మటన్ బిర్యానీ బాగుంటుంది, హైదరాబాద్ ఘాటు మాత్రం ఆశించకండి. బినాలే ఇంకో వేదిక దర్బార్ హాల్ ఎర్నాకుళం వైపే ఉంది కాబట్టి తిరుగు రైలు రోజుకి అట్టేపెట్టుకోండి.