చెక్క ట్రోఫీలు ఆర్డర్ ఇస్తున్నారా? ముందు గుర్రం ముక్కు చూడండి

చెస్ టోర్నమెంట్లు పెట్టేవాళ్లు, అకాడమీలు నడిపేవాళ్లు, పిల్లల పోటీలకు ముందుపడి పనులు చేసే తల్లిదండ్రులు కాస్త ఆగి ఇది చదవండి. ‘చేత్తో చెక్కిన చెక్క ట్రోఫీలు’ అని ఆన్‌లైన్‌లో చూసి 20,400 రూపాయలు కట్టాం. వచ్చినవి చెక్కా కావు, చేత్తో చేసినవీ కావు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. వాళ్లు మమ్మల్ని ఎలా ముంచారో మాత్రం పూసగుచ్చినట్టు చెబుతాను. రేపు ఇంకో పేరుతో వచ్చినా మీరు గుర్తుపట్టాలి.

మాది కాకినాడ. నేను కోచ్‌ని కాదు, ఆడటమూ అంతంతమాత్రమే. మా అబ్బాయి ఆడతాడు, నేను కుర్చీలు వేయిస్తాను. 2024 డిసెంబరులో గుకేశ్ 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, అదే నెలలో మన కోనేరు హంపి రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ కొట్టింది. ఆ ఊపు మా చిన్న టోర్నమెంటుకూ తగిలింది. అంతకుముందు 70 ఎంట్రీలు వస్తే గొప్ప, ఈసారి 160 దాటాయి. నాలుగు వయసు విభాగాలు, అబ్బాయిలకూ అమ్మాయిలకూ విడివిడిగా, మొదటి మూడు స్థానాలకు ట్రోఫీలు. మొత్తం 24. చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి కదా, ఈసారైనా మంచివి ఇద్దాం అనుకున్నాం.

మా అబ్బాయి అలమారాలో పదకొండు కప్పులున్నాయి. నిజానికి అన్నీ ఒకటే కప్పు. అటొక చెవి, ఇటొక చెవి, మధ్యలో గుండ్రటి స్టిక్కర్. స్టిక్కర్ మారిస్తే చెస్సు, మారిస్తే క్యారమ్స్, మారిస్తే వ్యాసరచన. ఏడాది తిరిగేసరికి బంగారు రంగు పొరలు లేచి లోపలి తెల్ల ప్లాస్టిక్ బయటపడుతుంది. మా ఆవిడ దుమ్ము దులిపేటప్పుడు ఆ అర వదిలేస్తుంది, చేతికి మెరుపు అంటుకుంటుందని. చెక్క సంగతి అలా ఉండదు. పట్టుకుంటే ఇనుములా చల్లగా తగలదు, బరువు అరచేతికి తెలుస్తుంది, ఒకదాని మీది గీతలు ఇంకోదాని మీద ఉండవు. పైగా టోర్నమెంట్లలో మన పిల్లలు ఆడేదంతా ప్లాస్టిక్ పావులతో, చుట్టచుట్టి సంచిలో పెట్టుకునే బోర్డు మీద. గెలిచిన రోజునైనా చేతికి ఒక చెక్క గుర్రం వస్తే ఆ ముచ్చటే వేరు కదా! మా బలహీనత అదే. అమ్మేవాళ్లకు అది బాగా తెలుసు.

వాళ్ల పేజీలో మొదటి వీడియో చూస్తే ఎవరైనా పడిపోతారు. ఒక పెద్దాయన లేతు (కర్రను గిర్రున తిప్పే యంత్రం) ముందు కూర్చుని లక్క రంగు పూస్తుంటాడు, వెనక సన్నగా వేణువు. ‘ఏటికొప్పాక కళాకారుల చేతి పని, జీఐ గుర్తింపు’ అని రాత. ఏటికొప్పాక లక్క బొమ్మలకు పేరున్న ఊరు, జీఐ అంటే ఇది ఫలానా ఊరి సరుకు అని చట్టప్రకారం ఇచ్చే గుర్తింపు. దాని కింద ట్రోఫీ ఫొటో: ముదురు గోధుమరంగు గుర్రం తల, మెడ మీద జూలు పాయలు పాయలుగా, కింద గుండ్రటి దిమ్మ, దాని మీద ఇత్తడి రేకు. ఒక్కోటి 850 రూపాయలు, పది రోజుల్లో డెలివరీ. ఈ మూడు ముక్కలూ ఒకదానికొకటి పొసగవని అప్పుడు నాకు తట్టలేదు. ఎందుకు పొసగవో తర్వాత చెబుతాను.

శాంపిల్ అడిగాం. ఇక్కడే అసలు కిటుకు ఉంది, జాగ్రత్తగా చదవండి. డిపాజిట్ కట్టించుకుని శాంపిల్ పంపారు. అది నూటికి నూరుపాళ్లూ నిజం చెక్క. శీషం చెక్క అన్నారు, అలాగే ఉంది. జూలులో ఉలి గాట్లు చేతికి తగులుతున్నాయి, రెండు చెవుల మధ్య వెంట్రుకవాసి తేడా కూడా ఉంది. మా ఆవిడ కూరగాయల కాటా మీద పెట్టి చూసింది, 640 గ్రాములు. కమిటీలో అందరూ చేతులు మార్చుకుని మురిసిపోయారు. మర్నాడు వాళ్ల నుంచి మెసేజ్: ‘సార్, అది మా మోడల్ పీస్, దాన్ని చూసే మిగతావి చెక్కాలి, వెనక్కి పంపండి, డిపాజిట్ వేసేస్తాం.’ పంపాం. అదే సాయంత్రం డిపాజిట్ పడింది. ఇంత నిక్కచ్చిగా ఉన్నారే అని మా ట్రెజరర్ గారు మెచ్చుకున్నారు కూడా. అడ్వాన్సు 12,000 వేశాం. పార్సిల్ బయల్దేరే ముందు మిగతా 8,400 కూడా కట్టించుకున్నారు. అప్పటికి మా చేతిలో రుజువుగా మిగిలింది కాటా మీద తీసిన ఒక్క ఫొటో.

పది రోజులన్నది పదిహేడు రోజులైంది. ఫోన్ చేసిన ప్రతిసారీ ‘పాలిష్ ఆరుతోంది సార్’ అనేవారు. ఆదివారం టోర్నమెంట్ అయితే శనివారం రాత్రి ఏడు గంటలకు అట్టపెట్టెలు దిగాయి. ఇది కూడా కావాలని చేసిందేనని ఇప్పుడు నా నమ్మకం. ఆ టైములో ఎవరు తిప్పి పంపుతారు? హాల్లో బల్లలు సర్దుతూ, పేరింగ్‌లు (ఎవరితో ఎవరు ఆడాలన్న జాబితా) చూసుకుంటూ ఒక పెట్టె విప్పాను. గుప్పున థిన్నర్ వాసన. గుర్రాన్ని చేతిలోకి తీసుకున్నాను, తేలిగ్గా ఉంది. ఇంకోటి తీశాను, మరోటి తీశాను. ఎడమ ముక్కుపుటం పక్కన ఆవగింజంత గుంట. మొదటిదానికి ఉంది, రెండోదానికి ఉంది, మూడోదానికీ అక్కడే ఉంది. 24 గుర్రాలనీ బల్ల మీద వరసగా నిలబెట్టి టార్చ్ వేసి చూశాను. 24 ముక్కులకీ ఒకే చోట ఒకే గుంట.

ఒకే అచ్చులో డొల్లగా పోసిన రెజిన్ అన్నమాట, అంటే ప్లాస్టిక్‌లా గట్టిపడే ద్రవం. అచ్చు లోపల ఒకచోట చిన్న బొడిపె ఉంటే ఆ అచ్చు నుంచి వచ్చిన ప్రతి గుర్రానికీ అక్కడే అదే గుంట. దిమ్మ కింద పచ్చ వెల్వెట్ గుడ్డ అంటించి ఉంది. అంచు లేపి చూస్తే గోధుమరంగు పొడి అదిమినట్టున్న ఎండీఎఫ్ (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పలక), దాని చుట్టూ చెక్క గీతలు అచ్చేసిన కాగితం. అయినా పొద్దున్నే 160 మంది పిల్లలు వస్తారు, ఖాళీ చేతులతో పంపలేం. వాటినే ఇచ్చేశాం. ఆ విషయంలో తప్పు మాదే, ఒప్పుకుంటాను.

వారం తర్వాత అండర్-9లో మూడో స్థానం వచ్చిన పాప తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చింది. ఆ పాప మూడో స్థానం కొట్టింది టైబ్రేక్‌లో, అంటే పాయింట్లు సమానమైతే, ప్రత్యర్థుల పాయింట్లు కూడి చూసే బుక్‌హోల్జ్ లెక్కలో అర పాయింటు తేడాతో. ట్రోఫీని రోజూ పక్కలో పెట్టుకుని పడుకుంటోందట. గుప్పిట విప్పి చూపించింది, విరిగిన చెవి. విరిగిన చోట తెల్లగా, సుద్దముక్కలా ఉంది. ‘అంకుల్, చెక్క లోపల కూడా చెక్కే ఉండాలి కదా?’ అంది. వాళ్ల నాన్న నవ్వేసి సర్దిచెప్పాడు గానీ నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంకో ఇంట్లో కిటికీ పక్కన పెడితే వానజల్లుకు దిమ్మ చాయ్‌లో ముంచిన రస్కులా ఉబ్బిపోయింది.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే వచ్చిన జవాబు: ‘చేతి పనిలో చిన్న చిన్న తేడాలు సహజం సార్.’ తేడాలు లేవనే కదయ్యా నా గొడవ! రెండోసారి అడిగితే, టోర్నమెంట్ పేరు చెక్కించుకున్న వస్తువుకు రిటర్న్ ఉండదన్నారు. మూడోసారికి వాట్సాప్‌లో బ్లాక్ చేశారు.

అప్పుడు పుట్టింది పట్టుదల. ఓ ఆదివారం బండి తీసుకుని ఏటికొప్పాక వెళ్లాను. తుని దాటాక హైవే దిగితే వరాహ నది ఒడ్డున ఊరు. 2017లో ఆ ఊరి బొమ్మలకు జీఐ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగింది కూడా ఈ బొమ్మలే. ఆ పేరు వాడుకుని సొమ్ము చేసుకునేవాళ్లకు కొదవేముంటుంది? ఒక ఇంటి అరుగు మీద లేతు ఆడిస్తున్న పెద్దాయనకు నా ఫోన్‌లో గుర్రం ఫొటో చూపించాను. కళ్లద్దాలు పైకి తోసుకుని ఒక్క క్షణం చూశాడు.

‘లేతు మీద తిరిగేది ఏదైనా చేసిస్తాం బాబూ. చెవులూ జూలూ తిరగవు కదా’ అన్నాడు.

అంతే. నేను రెండు నెలలుగా కొట్టుకుంటున్న చిక్కుముడి ఒక్క మాటతో విడిపోయింది. ఆయన చేసేది చూస్తూ కూర్చున్నాను. అంకుడు కర్ర, తెల్లగా, నున్నగా, గీతలు కనిపించనంత సన్నటి పోగు. అది గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి గుండ్రం తీస్తాడు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఒత్తి పడతాడు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. చివర మొగలి ఆకుతో అద్దితే అద్దంలా మెరుస్తుంది. రాజు, శకటు, ఏనుగు, బంటు, ఇవన్నీ తిరిగే ఆకారాలే. గుర్రం ఒక్కటే తిరగనిది. చదరంగం సెట్‌లో గుర్రమే ఎందుకు ఖరీదో కూడా అక్కడే అర్థమైంది. దాన్ని ఎవరో ఒకరు కూర్చుని ఉలితో ఒక్కోటీ చెక్కాల్సిందే. అలా చెక్కే పనివాళ్లకు పేరున్న ఊరు అమృత్‌సర్. మన కొండపల్లిలోనూ చెక్కుతారు గానీ అది తేలికైన తెల్ల పొణికి కర్ర. ముక్కలు విడివిడిగా చేసి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, పైన రంగులేస్తారు. ముదురు శీషం గుర్రం అక్కడి రూపు కాదు.

అంటే ఏటికొప్పాక లక్కపని వీడియో, అమృత్‌సర్ తరహా గుర్రం ఫొటో, పది రోజుల్లో 24 పీసుల మాట. ఈ మూడూ ఒకే పేజీలో ఉన్నాయంటేనే తేడా ఉందని ఇప్పుడైతే చూడగానే చెప్పేస్తాను.

ఇక మీరు కొనేటప్పుడు. శాంపిల్ వస్తే వెనక్కి పంపకండి, దాని ధర కట్టేసి ఉంచుకోండి. వాళ్లు ఒప్పుకోకపోతే అక్కడితో ఆపేయండి. శాంపిల్‌ను కాటా మీద పెట్టి ఫొటో తీయండి, లాట్ రాగానే రెండు మూడు మళ్లీ తూచండి. మాకు వచ్చినవి 390 గ్రాములు. కర్ర కర్రకూ బరువు కొంచెం మారుతుంది, అది మామూలే, కానీ పావు కిలో తేడా రాదు. దిమ్మ పక్కన కనిపించే గీతలు అడుగుకు కూడా సాగాలి. పక్కన నిలువు గీతలుండి అడుగున వట్టి పొడిలా ఉంటే అది కాగితమే. పావుల కింద గుడ్డ అంటించడం మంచి పనివాళ్లూ చేస్తారు, గుడ్డను చూసి కంగారుపడక్కర్లేదు, ఒక మూల లేపి చూడండి చాలు. మిగతా డబ్బు కట్టే ముందు మొత్తం లాట్‌ను ఒకే చోట పెట్టి, ఆ రోజు పేపరు పక్కన ఉంచి వీడియో పంపమనండి. టోర్నమెంటుకు కనీసం వారం ముందు చేతికి అందేలా తేదీ రాయించుకోండి. మా కొంప ముంచింది ఆ ఒక్క శనివారం రాత్రే. జీఐ అని చెప్పుకుంటే, దాని కింద అధీకృత వినియోగదారుగా నమోదైన కళాకారుడు ఎవరని అడగండి. మమ్మల్ని మోసం చేసినవాళ్లను నేను అడగలేదు. అడిగి ఉంటే తడబడేవారేమో.

డబ్బు సంగతి. ముందు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు తమ పేరూ చిరునామా చూపించాలని 2020 నుంచి రూలు ఉంది. ఆ పేజీలో ఉన్నదల్లా ఒక్క వాట్సాప్ నంబరు. అదృష్టం కొద్దీ పార్సిల్ మీది కొరియర్ స్లిప్పు పారేయలేదు, అందులో అడ్రసు దొరికింది. ఫిర్యాదు నమోదైన ఐదో రోజున బ్లాక్ తీసేసి వాళ్లే ఫోన్ చేశారు. 6,000 ఇస్తాం, ఎక్కడా రివ్యూ రాయొద్దు అన్నారు. ఒప్పుకోలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాం. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు ఏమీ లేదు, రెండేళ్ల గడువు ఉంది. లాయరు లేకుండా మనమే వేసుకోవచ్చు.

ఏటికొప్పాక పెద్దాయనకు ఈసారి 24 రాజులు ఆర్డర్ ఇచ్చాం. ఒక్కోటి 350, మూడు వారాలు అడిగాడు. వానలు పడితే కర్ర ఆరదు, ఇంకో వారం పడుతుందని ముందే చెప్పాడు. మొదటిది ఆ చెవి విరిగిన పాపకే.

కమిషన్ ముందు మేమొక్కళ్లమే కాకుండా ఇంకో నలుగురం ఉంటే కేసుకు బలం. గత ఏడాది రెండేళ్లలో గుర్రం ట్రోఫీలు తెప్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, అలమారాలోంచి తీసి ఎడమ ముక్కు మీద టార్చ్ వేయండి. ఆవగింజంత గుంట కనిపిస్తే ఫొటో తీసి ఈ పోస్టు కింద పెట్టండి, బిల్లు ఉంటే దాన్నీ దాచి ఉంచండి.