పాత స్కూలు బస్సా, పాత టెంపో ట్రావెలరా? కుటుంబానికి మోటార్‌హోమ్ చేయించాలంటే ఏది మేలు?

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల వేసవి వచ్చిందంటే పాత స్కూలు బస్సులు అమ్మకానికి నిలబడతాయి. విద్యాసంస్థల బస్సుల ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు మే 15తో ముగుస్తుంది. బడులు తెరిచేలోగా టైర్లు, బ్రేకులు, పెయింటు అన్నీ సరిచేయించి బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు మళ్లీ నిలబెట్టాలి. ఆ ఖర్చు గిట్టదనుకున్న బండిని యాజమాన్యం వదిలించుకుంటుంది. అంత పెద్ద బండి పాత కారు ధరకు వస్తోందంటే, సీట్లు పీకేసి మంచాలు, వంటగట్టు వేయించుకుని ఇంటిల్లిపాదీ ఊళ్లు తిరగొచ్చన్న ఆశ పుట్టడం సహజం. ఆశ మంచిదే. ధర చూసి మాత్రం నిర్ణయించుకోకండి. ఈ పనిలో బండి కొన్న డబ్బు చిన్న భాగం.

ముందుగా మా తీర్పు చెబుతాం. నలుగురైదుగురు కుటుంబం తరచూ రోడ్డెక్కి తిరగాలనుకుంటే టెంపో ట్రావెలరే మేలు. ఒకచోట వారాల తరబడి నిలిపి ఉండాలనుకుంటే, అంటే మామిడితోటలోనో సొంత స్థలంలోనో, స్కూలు బస్సు మేలు. ఎందుకో కింద చూడండి.

ముందు కాగితాలు

స్కూలు బస్సు ట్రాన్స్‌పోర్ట్ వాహనం. సొంతానికి వాడుకునే క్యాంపర్ వ్యాన్, అంటే మనం చేయించాలనుకునే మోటార్‌హోమ్, సొంత కారులాగా నాన్‌ట్రాన్స్‌పోర్ట్. 2004 నవంబరులో కేంద్రం ఇచ్చిన వర్గీకరణలోనే ఈ రెండూ వేర్వేరు జాబితాల్లో ఉన్నాయి. ఆ జాబితా నుంచి ఈ జాబితాకు ఆర్సీని మార్పించుకోవడమే మొత్తం పనిలో కష్టమైన మెట్టు. చాలామంది దీన్ని చివరికి వదిలేస్తారు. అప్పటికి లోపల లక్షలు పోసి ఉంటారు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అందుకని కటింగ్ మిషన్ పట్టే ముందే డ్రాయింగు గీయించండి. ఎన్ని సీట్లు, మంచం ఎక్కడ, గ్యాసు ఎక్కడ, నీళ్ల ట్యాంకు ఎక్కడ, తుది బరువు ఎంత, ఇవన్నీ అందులో ఉండాలి. దాన్ని ఆర్టీవో ఆఫీసులో ఇచ్చి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. పని పూర్తయ్యాక 14 రోజుల్లోగా ఆర్సీతో సహా తెలియజేయాలి. ఇలాంటి బండ్లకు, అంటే మోటారు క్యారవాన్లకు, ఉన్న ప్రమాణం ఏఐఎస్-124. దాని ప్రకారం బండిలో నాలుగు ఉండాలి: సీట్లు-బల్ల, పడక, వంట ఏర్పాటు, సామాన్ల అరలు. ఇవి బండికి గట్టిగా బిగించి ఉండాలి, బల్ల మాత్రం తీసి పెట్టుకునేది కావచ్చు. పరుపు పరిచి స్టవ్వు పెట్టినంత మాత్రాన అది క్యారవాన్ కాదు.

ఇక్కడ ట్రావెలర్‌కు ఒక లాభం ఉంది. ట్యాక్సీగా తిరిగిన పసుపు ప్లేటు బండి కాకుండా, సొంతానికి రిజిస్టరైన తెల్ల ప్లేటు బండి వెతికితే దొరుకుతుంది. అప్పుడు సగం మెట్లు తగ్గుతాయి. స్కూలు బస్సుకు ఆ అవకాశం లేదు. పాత బకాయి పన్నులు, చలానాలు, ఫైనాన్సు ఎన్‌వోసీ (అప్పు బాకీ లేదన్న పత్రం), పర్మిట్ సరెండరు అన్నీ అమ్మేవాళ్ల చేతే తేల్పించాకే బయానా ఇవ్వండి. చిత్తూరు నుంచి కాసేపట్లో తమిళనాడు, ఇంకాస్త పోతే కర్ణాటక. బండి ట్రాన్స్‌పోర్ట్‌గానే మిగిలిపోతే సరిహద్దు దాటిన ప్రతిసారీ పర్మిట్, పన్ను తలనొప్పే. ఎనిమిదేళ్లు దాటిన ట్రాన్స్‌పోర్ట్ బండికి ఏటా ఎఫ్‌సీ కూడా చేయించాలి.

ఇన్సూరెన్సు సంగతి మరిచిపోవద్దు. మార్పు తెలియజేయని బండికి ప్రమాదం జరిగితే క్లెయిము తిరస్కరించడానికి అదొక్కటే చాలు.

బరువు, లైసెన్సు

ఆర్సీలో మొత్తం బరువు 7,500 కిలోలు దాటని బండిని కారు నడిపే మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపొచ్చు. ట్రాన్స్‌పోర్ట్ బండైనా సరే ఇదే వర్తిస్తుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ట్రావెలర్ ఈ హద్దుకు చాలా లోపలే ఉంటుంది. స్కూలు బస్సుల్లో చిన్నవి లోపల ఉంటాయి, పెద్దవి దాటిపోతాయి. దాటితే హెవీ లైసెన్సు కావాలి. ఇంట్లో ఒక్కరికే ఆ లైసెన్సు ఉంటే ఆ ఒక్కరికి ఒళ్లు బాగాలేని రోజు ప్రయాణం ఆగినట్టే. సీట్ల సంఖ్య చూసి అంచనా వేయకుండా ఆర్సీలోని అంకె చదవండి.

మోసే శక్తిలో బస్సుకు తిరుగులేదు. ట్రావెలర్‌లో మాత్రం ప్రతి కిలో లెక్కే. ఐదుగురు మనుషులు 300 కిలోలు, నీళ్లు 100, 12 ఎంఎం ప్లైవుడ్ ఆరు షీట్లు 140, ఏసీ 55, పరుపులు 40, బ్యాటరీలు 25, సోలార్ ప్యానెళ్లు 25, ఫ్రిజ్ 25, చిన్న సిలిండరు 12, బట్టలు-పాత్రలు 100. అప్పుడే 800 దాటింది. వడ్రంగి అలవాటు కొద్దీ 18 ఎంఎం వేస్తానంటాడు. 8x4 షీటు 12 ఎంఎం అయితే 23 కిలోలు, 18 ఎంఎం అయితే 35. మంచం కింది చట్రానికి అల్యూమినియం సెక్షన్ వాడి, పైన 12 ఎంఎం, తలుపులకు 9 ఎంఎం వేస్తే సరిపోతుంది. సీట్లు తీసేశాక ఒకసారి, పని సగంలో ఒకసారి, చివర నీళ్లు నింపి ఒకసారి కాటా వేయించండి. గ్రానైటు, మామిడి లోడ్లు తిరిగే చిత్తూరు ప్రాంతంలో వేబ్రిడ్జికి కరువు లేదు. ముందు ఇరుసు, వెనక ఇరుసు విడిగా తూయించడం ముఖ్యం. వంటగట్టు, ట్యాంకు, బ్యాటరీలు అన్నీ ఒకే పక్కకు వేస్తే బండి ఆ పక్కకు ఒరుగుతుంది, మలుపులో అది తెలిసిపోతుంది.

స్కూలు బస్సుకు ఎదురు సమస్య. నిండా పిల్లలను మోయడానికి వేసిన కమాను కట్టలు కాబట్టి తేలికైతే ఎగిరెగిరి పడుతుంది. అరల తలుపులు ఊడిపోతాయి, గిన్నెలు పగులుతాయి. కొందరు కట్టలోంచి ఒక పట్టీ తీయించేస్తారు. అలా చేయొద్దు. ఘాట్ రోడ్డులో బండి ఒరిగే తీరు మారిపోతుంది. గుంటల్లో నెమ్మదిగా పోవడం, షాక్ అబ్సార్బర్లు కొత్తవి వేయించడం, తలుపులకు నొక్కితే తెరుచుకునే గొళ్లేలు పెట్టించడం, ఇంతే దారి.

ఎండ

మే నెల తిరుపతి ఎండలో రేకు బండి లోపల కూర్చోలేం. వేడి ఎక్కువగా పైకప్పు నుంచి, అద్దాల నుంచి వస్తుంది. స్కూలు బస్సుకు రెండు వైపులా బారుగా అద్దాలే. వాటిలో సగం పైగా తీసేసి అల్యూమినియం రేకుతో మూసి, లోపల ఫోము పెట్టకపోతే ఏ ఏసీ చాలదు. వీధి వైపు మూడు, తలుపు వైపు రెండు కిటికీలు ఉంచితే గాలికి సరిపోతాయి. అత్యవసర ద్వారం మాత్రం మూయొద్దు, దానికి అడ్డంగా మంచమూ వేయొద్దు.

పైకప్పుకు లోపలి రేకు విప్పి 25 ఎంఎం క్రాస్‌లింక్ ఫోము గానీ నైట్రైల్ షీటు గానీ అంటించండి. గాజుదూది వద్దు. తేమ పీల్చి బరువెక్కి కిందికి జారుతుంది. పైన తెల్లని వేడి తట్టే పెయింటు రెండు కోట్లు. ఫోము, ప్యానెలు, కింద కొత్త ఫ్లోరు కలిసి రెండు రెండున్నర అంగుళాల ఎత్తు తినేస్తాయి. అందుకే కొనేటప్పుడే లోపల నిలబడి టేపు పెట్టి చూడండి. హైరూఫ్ ట్రావెలర్ లోపల సుమారు 1,900 ఎంఎం. పాత స్కూలు బస్సుల్లో చాలావాటికి అంత ఉండదు. ఇంట్లో పొడుగు మనిషి వంట చేస్తూ నడుము వంచి నిలబడాల్సి వస్తే ఆ బండి ఎవరికీ ఇష్టం ఉండదు.

లోపల ప్యానెళ్లు బిగించే ముందే పైనుంచి అరగంట సేపు పైపుతో నీళ్లు కొట్టండి. మన దగ్గర అసలు వాన నవంబరు, డిసెంబరుల్లో పడుతుంది. వేసవిలో పని ముగించిన బండి లీకు అప్పుడు బయటపడుతుంది, అప్పటికి ప్లైవుడ్ ఉబ్బి ఉంటుంది. క్యారియరు బోల్టుల చుట్టూ, కిటికీ రబ్బర్ల మూలల్లో, వెనక లైట్ల వెనుక చూడండి. సిలికాన్ కాదు, పీయూ (పాలీయురెథేన్) సీలెంట్ వాడండి. రేకు వణికినా అది ఊడదు.

కరెంటు: బస్సు గెలిచేది ఇక్కడే

ట్రావెలర్ కప్పు మీద 200 వాట్ల ప్యానెళ్లు రెండు పడతాయి. మన ఎండకు రోజుకు దాదాపు 1.6 యూనిట్లు. ఫ్రిజ్, కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ ఫ్యాను, లైట్లు, ఫోన్లకు చాలు. 12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలు రెండు పెడితే 2.5 యూనిట్ల నిల్వ. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రంతా నడిస్తే దాదాపు ఐదు యూనిట్లు తాగుతుంది. కాబట్టి ట్రావెలర్‌లో రాత్రి ఏసీ అంటే బయటి నుంచి ప్లగ్ దొరకాలి.

స్కూలు బస్సు కప్పు మీద 540 వాట్ల పెద్ద ప్యానెళ్లు మూడు వరసగా పడతాయి. రోజుకు ఆరు యూనిట్లు. తగినంత బ్యాటరీ ఉంటే రాత్రి ఏసీ సొంత కరెంటుతోనే నడుస్తుంది. ఒక్క జాగ్రత్త: ఆ ప్యానెల్ ఓపెన్ వోల్టేజీ, అంటే ఏ లోడూ లేనప్పటి వోల్టేజీ, 49 దాకా ఉంటుంది. మూడింటిని సిరీస్‌లో కలిపి 150 వోల్టుల చార్జ్ కంట్రోలర్‌కు ఇస్తే చలికాలం పొద్దున వోల్టేజీ ఇంకా పెరిగి కంట్రోలర్ కాలిపోతుంది. పారలల్‌గా కలపండి, లేదా 250 వోల్టులది కొనండి. ప్యానెల్ కాళ్లను రేకుకు కాక కింది కప్పు పట్టీలకే బోల్టు వేయాలి. తోటలో చెట్టు నీడన బండి నిలిపితే లోపల చల్లగా ఉంటుంది గానీ ప్యానెల్ పని చేయదు. స్థిరంగా ఉండే బస్సైతే ప్యానెళ్లను పక్కన ఎండలో స్టాండు మీద పెట్టడమే తెలివైన పని.

2,000 వాట్ల ఇన్వర్టరు 12 వోల్టుల మీద 180 ఆంపియర్లు లాగుతుంది. 50 నుంచి 70 చదరపు ఎంఎం కేబులు, బ్యాటరీ పక్కనే 200-250 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి. సన్న వైరు వేస్తే మంట అక్కడే మొదలవుతుంది. ఇంజిన్ ఆల్టర్నేటర్ నుంచి లిథియం బ్యాటరీకి నేరుగా కలపొద్దు, ఆల్టర్నేటర్ వేడెక్కి పోతుంది. మధ్యలో 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ పెట్టాలి. పెద్ద బస్సుల్లో 24 వోల్టులు ఉంటాయి, చార్జర్ కొనేముందు అది చూసుకోండి.

గ్యాసుకు ఇంటి 14.2 కిలోల సిలిండరు పెట్టొద్దు. ఐదు కిలోలది చాలు. దాన్ని లోపలి నుంచి మూసి బయటికి తలుపున్న పెట్టెలో పెట్టి, పెట్టె అడుగున రంధ్రాలు వేయాలి. గ్యాసు గాలికంటే బరువు కాబట్టి లీకైతే కిందికే దిగుతుంది.

ఘాట్ రోడ్లు

చిత్తూరు-పలమనేరు దారిలో మొగిలి ఘాట్, తిరుపతి-మదనపల్లె దారిలో భాకరాపేట ఘాట్, ఇటు హార్స్‌లీ కొండ. ఇల్లు దాటితే కొండ దారే. దాదాపు ఏడు మీటర్లు దాటని ట్రావెలర్ ఈ మలుపుల్లో సులువుగా తిరుగుతుంది. తొమ్మిది మీటర్ల బస్సుకు వెనక భాగం ఊగి ఎదుటి వరసలోకి వస్తుంది. వెనక పెట్టె, సైకిల్ స్టాండు తగిలిస్తే ఇంకా ఎక్కువ. వెనక్కి పొడుచుకొచ్చే భాగం చక్రాల మధ్య దూరంలో 60 శాతం మించకూడదని రూలు కూడా ఉంది. 150 లీటర్ల ట్యాంకు సగం నిండి ఉంటే మలుపులో నీళ్లు ఒక్కసారిగా పక్కకు కొడతాయి, లోపల అడ్డగోడలున్న ట్యాంకు వేయండి.

తిరుమలకు మోటార్‌హోమ్ తీసుకుపోవద్దని మా సలహా. 1974లో తెరిచిన రెండో ఘాట్ మీద ఎక్కి, 1944 నాటి మొదటి ఘాట్ మీద దిగాలి. దిగేటప్పుడు బరువు బండి బ్రేకులకు అది పెద్ద పరీక్ష. అలిపిరిలో సామాన్లన్నీ తనిఖీ చేస్తారు, అరలన్నీ తెరిచి చూపాలి. కింద నిలిపి ఆర్టీసీ బస్సెక్కి పోతే దర్శనానికి హాయిగా పోవచ్చు. ఊళ్లో వెస్ట్ చర్చి దగ్గరిలాంటి రైల్వే అండర్‌బ్రిడ్జిల్లోకి పోయేముందు కప్పు మీది ప్యానెళ్లతో కలిపి ఎత్తు ఎంతో డ్రైవరు ముందు రాసి అంటించండి.

డీజిల్ లెక్కలో ట్రావెలర్ లీటరుకు 10-12 కిలోమీటర్లు ఇస్తే స్కూలు బస్సు 6-8 ఇస్తుంది. తిరిగేకొద్దీ చౌకగా కొన్న లాభం కరిగిపోతుంది.

మూడో దారి ఒకటుంది. కొత్త బండి కొని, ఏఐఎస్-124 అనుమతి ఉన్న సంస్థ చేత చేయించుకోవడం. డబ్బుంటే అదే నిశ్చింత, కాగితాలు వాళ్లే చూసుకుంటారు. డబ్బు తక్కువైనవాళ్లకు ఆ మాట చెప్పి ప్రయోజనం లేదు.

కొనేముందు

స్కూలు బస్సు మీటరు తక్కువ చూపిందని మురిసిపోకండి. వీధి వీధికీ ఆగి బయల్దేరిన బండి అది. క్లచ్ ప్లేటు, బ్రేక్ లైనర్లు, రెండో గేరు ముందు అరుగుతాయి. రెండో గేరులో పోతూ యాక్సిలరేటర్ వదిలి చూడండి, గేరు బయటికి తన్నితే గేరుబాక్సు విప్పాల్సిందే. మెట్ల గుంట, చక్రాల పైభాగం, బ్యాటరీ పెట్టె, కిటికీ కింది పట్టీల అడుగు, ఈ నాలుగు చోట్ల సుత్తితో తట్టండి. గణగణమనాలి. మొద్దుగా మోగితే తుప్పు లోపలే ఉంది, టింకరింగ్ ఖర్చు బండి ధరను మించుతుంది. టైరు పక్కన నాలుగంకెల కోడులో మొదటి రెండూ వారం, తరువాతివి సంవత్సరం. ఎండలో నిలబడిన టైరు అరగకపోయినా ఆరేళ్లు దాటితే మార్చండి. ఎత్తు ఎక్కే దారిలో బరువేసి నడిపి, ఆపి, రేడియేటర్ మూత దగ్గర నూనె జిడ్డు ఉందేమో, పొగ నీలంగా వస్తోందేమో చూడండి.

ట్రావెలర్‌లో చూడాల్సినవి వేరు: పక్క తలుపు పట్టాలు, ఏసీ కంప్రెసర్, వెనక ఇరుసు శబ్దం, యాత్రల ట్యాక్సీగా తిరిగితే మీటరు వెనక్కి తిప్పారేమో. సర్వీసు పుస్తకంలోని అంకెలను ఎఫ్‌సీ తేదీలతో సరిపోల్చితే అది తెలిసిపోతుంది.

ఏది కొన్నా, ప్రయాణంలో కూర్చునే సీట్లన్నీ ముందుకు చూసేవే పెట్టండి, బెల్టులు ప్లైవుడ్‌కు కాక ఛాసిస్ పట్టీలకే బిగించండి. పిల్లలు బండి కదులుతుండగా మంచం మీద పడుకోకూడదు.