అరకా, పాడేరా, లంబసింగా? సైకిల్‌కి ఏ ఘాటు రోడ్డు మేలు

చలి మొదలైతే చాలు, ఇదే ప్రశ్న. బీచ్ రోడ్డు మీద తిరిగి తిరిగి విసుగెత్తిన విశాఖ వాళ్లూ, రెండు రోజులు సెలవు పెట్టి హైదరాబాద్ నుంచి దిగేవాళ్లూ అడిగేది ఒక్కటే: సైకిల్ మీద మన్యం ఎక్కాలంటే ఎటునుంచి ఎక్కాలి? దారులు మూడు. ఎస్.కోట (శృంగవరపుకోట) నుంచి అనంతగిరి మీదుగా అరకు. చోడవరం, వడ్డాది దాటి గరికబంద నుంచి పాడేరు. నర్సీపట్నం, డౌనూరు మీదుగా లంబసింగి, అక్కణ్ణుంచి చింతపల్లి. అందం పోల్చి లాభం లేదు, మూడింటికీ ఉంది.

ముందుగా ఎత్తు సంగతి తేల్చేద్దాం. దాన్ని చాలావరకు గేర్లే చూసుకుంటాయి. గొలుసు తిరిగే పళ్ల చక్రాల్లో ముందు చిన్నదానికి 34 పళ్లు, వెనక పెద్దదానికి 34 పళ్లు ఉంటే, నిమిషానికి 60 చుట్లు తొక్కినా గంటకు ఏడున్నర కిలోమీటర్ల పైచిలుకు వేగంతోనే పోతారు. అదే వెనక 28 పళ్లయితే తొమ్మిది దాటాలి. నిట్రంగా ఉన్న మలుపులో ఆ వేగం చాలామంది వల్ల కాదు. చుట్లు 40కి పడిపోతాయి, బరువంతా మోకాళ్ల మీద పడుతుంది, పదో కిలోమీటరు దగ్గర దిగి తోసుకుంటూ నడుస్తారు. కాబట్టి మొదట వెనక పళ్ల చక్రం మార్పించండి, తర్వాత దారి ఎంచుకోండి.

నా లెక్కలో అసలు చూడాల్సింది వేరే. ఆ రోడ్డు మీద బండ్లు ఏ గంటకు కదులుతాయి, మీ వెనక నుంచి వస్తాయా, ఎదురొస్తాయా? ఒకే ఘాటు మంగళవారం తొమ్మిదింటికి పిట్టల అరుపులతో ఉంటుంది, ఆదివారం అదే తొమ్మిదింటికి హారన్ల మోతతో ఉంటుంది. ఎక్కేటప్పుడు మీరు ఎనిమిదితో, వెనక కారు నలభైతో పోతుంటే ప్రతి మలుపులోనూ అది మిమ్మల్ని దాటాలనే చూస్తుంది. ఆ చిరాకు ముందు ఎత్తు ఓ లెక్క కాదు.

అరకు దారికి ఉన్న చిక్కు సరిగ్గా ఇదే. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు, ఎస్.కోట అందులో సగం. తెల్లవారి నగరంలో బయల్దేరిన కార్లు ఏడు, ఏడున్నరకి ఎస్.కోట చేరి, మీ దిక్కుకే, మీ వెనకే ఎక్కుతాయి. బొర్రా మలుపు దగ్గర కొన్ని విడిపోతాయి గానీ అప్పటికి మీ ఓపిక సగం హరిస్తుంది. మందు ఒకటే: ముందురోజు రాత్రి ఎస్.కోటలో పడుకుని, వెలుగు రేఖ కనిపించగానే బయల్దేరాలి. ఘాటులో గంటకు ఎనిమిది చొప్పున తొక్కినా ఎనిమిదింటికల్లా అనంతగిరి దరిదాపుల్లో ఉంటారు, కార్ల గుంపు ఇంకా కిందే ఉంటుంది.

రెండో మోసం అంకెల్లో ఉంది. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన అని చదివి అంతే ఎక్కితే చాలనుకుంటారు. గాలికొండ దగ్గర రోడ్డు అరకు కన్నా బాగా పైకి పోయి, సుంకరిమెట్ట కాఫీ తోటల మీదుగా మళ్లీ దిగుతుంది. అంటే తిరుగు ప్రయాణంలో, బడలిన కాళ్లతో, ఆ దిగినదంతా మళ్లీ ఎక్కాలి. ‘వచ్చేటప్పుడు అంతా దిగుడే’ అన్న మాట నమ్మి నీళ్లు తక్కువ నింపుకున్నవాళ్లు ఇక్కడే ఇబ్బంది పడతారు. అరకు నుంచి సీసాలు నిండుగా బయల్దేరండి. శుక్రవారం అరకులో సంత, జీపుల మీద కూడా మనుషులుంటారు, ఆ రోజు మానుకుంటే మంచిది.

విశాఖలో కిరండూల్ రైలెక్కి అరకులో దిగి, అక్కణ్ణుంచి కిందికి తొక్కుతామనే వాళ్లున్నారు. సైకిల్‌ని లగేజీ వ్యాన్‌లో బుక్ చేయాలి, మధ్య స్టేషన్లలో రైలు ఆగేది కొద్దిసేపే. మీరు దిగి వ్యాను దగ్గరికి పరుగెత్తేలోపు రైలు కదిలితే సైకిల్ ఒడిశా వైపు వెళ్లిపోతుంది. ఇద్దరుంటే ఒకరు ముందే వ్యాను పక్క పెట్టెలో ఎక్కండి.

పాడేరు ఘాటు పొట్టి, నిటారు, మలుపులు ఇరుకు. ఇక్కడ పర్యాటకుల తాకిడి తక్కువ. ఉండేది రోజూ తిరిగే బండ్లే: ఆర్టీసీ బస్సులు, ఉద్యోగుల జీపులు, సరుకు లారీలు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రమైనప్పటి నుంచి ఉదయం ఎక్కేవీ సాయంత్రం దిగేవీ పెరిగాయి. ఇంతకన్నా ముఖ్యమైనదేమిటంటే డ్రైవర్లకు ఆ దారి కొట్టిన పిండి, మలుపు ముందు హారన్ కొడతారు. మోదకొండమ్మ పాదాల దగ్గర బండ్లన్నీ ఓ నిమిషం ఆగుతాయి, మీరూ ఆగండి. అమ్మవారికి దణ్ణం, కాళ్లకి విశ్రాంతి. శుక్రవారం పాడేరులోనూ సంతే.

ఈ ఘాటులో భయపడాల్సింది దిగుడుకి. రిమ్ముకి పట్టే బ్రేకులున్న సైకిల్ అయితే పై నుంచి కింది దాకా సన్నగా నొక్కిపట్టి దిగకూడదు. రిమ్ము కాగిపోతుంది, ఆ వేడికి లోపలి గాలి ఒత్తిడి పెరిగి ట్యూబు పేలుతుంది. పేలేది సరిగ్గా మలుపులోనే. మలుపుకి ముందు, సైకిల్ నిటారుగా ఉండగానే, రెండు బ్రేకులూ గట్టిగా వేసి వేగం తగ్గించుకోండి. మలుపులో వదిలేయండి. రెండు మలుపుల మధ్య రిమ్ముకి గాలి తగలనివ్వండి. నాలుగైదు మలుపులకోసారి ఆగి రిమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూడండి, సెగ తగిలితే అయిదు నిమిషాలు కూర్చోవాల్సిందే. వానాకాలంలో కొండ పక్క అంచున నాచు పడుతుంది, ఎండ సోకని మలుపుల్లో మరీను. ఇక తిండి సంగతి: కాస్త పక్కకి తిరిగితే మాడుగుల. గోధుమపాలు, నెయ్యి, పంచదార కలిసిన ఆ హల్వా పావుకిలో జేబులో ఉంటే విదేశీ ఎనర్జీ జెల్‌తో పని లేదు.

నా మొగ్గు మాత్రం లంబసింగికి. మంచు చూడ్డానికి వచ్చేవాళ్లు తెల్లవారుజామున మూడింటికీ నాలుగింటికీ చీకట్లోనే ఎక్కేస్తారు, చెరువులవేనంలో సూర్యోదయం చూసి తొమ్మిది తర్వాత దిగుతారు. మీరు తొందరపడకుండా ఏడింటికి నర్సీపట్నంలో ఇడ్లీ తిని బయల్దేరితే, డౌనూరు దాటి ఎక్కుడు మొదలయ్యేసరికి ఎనిమిది. ఎక్కాల్సిన కార్లన్నీ అప్పటికే పైన ఉంటాయి. వచ్చేవన్నీ ఎదురొచ్చేవే, వాళ్లకి మీరు కనిపిస్తారు, మీకు వాళ్లు కనిపిస్తారు. జాగ్రత్త ఒక్కచోట: ఎడమకి తిరిగే మలుపుల్లో దిగే కారు అడ్డంగా కోసి మీ వైపుకి వస్తుంది. లోపలి అంచుకి అతుక్కుపోకండి. అక్కడే నిట్రం ఎక్కువ, అక్కడే మీరు ఆలస్యంగా కనిపిస్తారు. అంచు నుంచి మీటరు ఎడంగా తొక్కుతూ, ఇంజిన్ చప్పుడు వినగానే లోపలికి జరగండి.

నర్సీపట్నం నుంచి లంబసింగి సుమారు 30 కిలోమీటర్లు, చింతపల్లి మరో 20. పైకి చేరాక అరకు దారిలోలా ఎక్కినదాన్ని పోగొట్టుకోరు. తాజంగి చెరువు, వలిసె (నూనెగింజల) చేలు, చిన్న చిన్న ఊళ్ల మధ్య రోడ్డు మెల్లగా లేస్తూ పడుతూ పోతుంది. కోతల కాలంలో చోళ్లో (రాగులో) వలిసెలో రోడ్డు మీదే ఆరబోస్తారు. వాటి మీదుగా తొక్కకండి. రైతుకి నష్టం ఎలాగూ ఉంది, పైగా ఆ కాడలు వెనక గేరు చక్రాల సందులో చుట్టుకుని, గేరు మార్చే చెయ్యిని (డిరైలర్‌ని) లాగి చువ్వల్లో పడేస్తాయి. దిగి పది అడుగులు నడిస్తే పోయేదేమీ లేదు.

ఈ ఘాటుకి ఇంకో బరువూ ఉంది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఈ కొండల్లో దారి వేయించింది గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్. గిరిజనులతో చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. రంప పితూరీకి (తిరుగుబాటుకి) దారితీసిన కారణాల్లో అదొకటి. 1922 ఆగస్టు 22న అల్లూరి దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. ఆ దూరాలు మ్యాపులో కన్నా పెడల్ మీద బాగా తెలుస్తాయి: మంచి సైకిల్, తారు రోడ్డు ఉండి కూడా మనకి రోజుకి ఒక స్టేషనే అందుతుంది, వాళ్లు అడవిలో నడిచి వెళ్లారు. సెప్టెంబరు 24న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు చనిపోయిన దామనపల్లి కూడా ఈ కొండల్లోదే.

లంబసింగికి లోపాలు లేవని కాదు. డిసెంబరు, జనవరిల్లో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకి పడే రోజులుంటాయి. చెమటతో తడిసిన చొక్కాతో దిగితే వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు నొక్కలేరు. నిండు చేతి తొడుగులు, గాలి చొరని పల్చటి కోటు సంచిలో ఉండాలి, పైకి చేరగానే పొడి బనియను మార్చుకోవాలి. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోయే 516ఇ జాతీయ రహదారి విస్తరణతో కొన్నిచోట్ల కంకర తేలి ఉంటుంది. టైరు 28 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, 32 అయితే నిశ్చింత. రైల్లో వచ్చేవాళ్లకి ఒక మాట: నర్సీపట్నం రోడ్ స్టేషన్ నర్సీపట్నంలో లేదు, ఊరికి ఇరవై కిలోమీటర్ల పైనే దూరం.

మారేడుమిల్లి సంగతీ అడుగుతారు. అడవి చిక్కనిదే గానీ చింతూరు వైపు లారీలు పోతుంటాయి, మధ్యలో ఆగడానికి ఊళ్లు తక్కువ. హార్స్‌లీ హిల్స్ ఎక్కి దిగడమే, దాటి పోయే లోయ లేదు.

మూడు ఘాటుల్లోనూ సన్న వాల్వు (ప్రెస్టా) ట్యూబు దొరకదు. రెండు ట్యూబులు, మామూలు పంపుకి పట్టే ఇత్తడి అడాప్టరు కింది ఊళ్లోనే సర్దుకోండి. చెక్‌పోస్టుల్లో గంజాయి తనిఖీకి సంచి తెరవమంటారు, గుర్తింపు కార్డు పైనే పెట్టుకుంటే త్వరగా వదులుతారు.

సంక్రాంతి వారంలో మాత్రం ఘాటు ఏదీ వద్దు. నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట వైపు తిరగండి, కొండ ఎక్కే పని పెద్దగా ఉండదు. అల్లూరి, ఆయన దళంలోని గంటం దొర సమాధులు అక్కడే ఉన్నాయి. కాళ్లలో సత్తువుంటే కొయ్యూరు దాకా పోయి, ఎండ ముదరకముందే వెనక్కి తిరగొచ్చు.