జీబీఎస్ వస్తే ఐవీఐజీ ఇంజెక్షన్లా, ప్లాస్మా మార్పిడా: ఏది మేలు?

విరేచనాలు తగ్గి వారం పది రోజులయ్యాక కాళ్లలో తిమ్మిర్లు మొదలవుతాయి. మొదటి రోజు చెప్పు కాలికి నిలవదు. మర్నాడు మెట్లెక్కలేరు. ఆ మర్నాడు కింద కూర్చుంటే లేవలేరు. ఇంట్లోవాళ్లు పక్షవాతం అనుకుంటారు. పక్షవాతం మామూలుగా ఒక్కసారిగా వచ్చి ఒక పక్కే పడేస్తుంది. ఇది రెండు కాళ్లనూ పట్టుకుని చేతులకు, ఛాతీకి పాకుతుంది. దీని పేరు గిలన్ బారే సిండ్రోమ్, జీబీఎస్. 2025 జనవరిలో పుణెలో ఒకేసారి చాలామందికి రావడంతో ఈ పేరు అందరికీ తెలిసింది. ఇన్ఫెక్షన్ మీద పోరాడాల్సిన యాంటీబాడీలు పొరపాటున మన నరాల మీదే పడతాయి.

నేను న్యూరో వార్డులో నర్సుని. డాక్టర్ జబ్బు పేరు చెప్పి వెళ్లగానే కుటుంబం నా దగ్గరికొచ్చి అడిగేది ఒకటే. "సిస్టర్, ఇంజెక్షన్లు వేయించమంటారా, రక్తం కడిగించమంటారా?"

ఇంజెక్షన్లంటే ఐవీఐజీ. రక్తం కడగడమంటే ప్లాస్మా మార్పిడి, అంటే రక్తంలోని నీటి భాగాన్ని తీసేసి మార్చడం. ముందు సూటిగా చెప్తాను. ఫలితంలో రెండూ సమానమే. 1997లో 383 మంది మీద చేసిన పెద్ద పరిశోధనలో కొందరికి ప్లాస్మా మార్చారు, కొందరికి ఐవీఐజీ ఇచ్చారు, కొందరికి రెండూ చేశారు. కోలుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండూ చేయించుకున్నవాళ్లకీ ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదు. అందుకే "ఖరీదైనది కదా, అదే మంచిదేమో" అని పొలం అమ్మడానికి సిద్ధపడేవాళ్లను చూస్తే నాకు మనసాగదు.

ఐవీఐజీ అంటే వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసిన యాంటీబాడీలు. కిలో బరువుకి రోజుకి 0.4 గ్రాముల చొప్పున అయిదు రోజులు. 60 కిలోల మనిషికి మొత్తం 120 గ్రాములు, అంటే 5 గ్రాముల సీసాలు 24. ఖర్చు లక్షల్లోకి వెళ్లేది ఇక్కడే. పని మాత్రం సులువు. చేతికి మామూలు సెలైన్ సూది చాలు, మెషీన్ అక్కర్లేదు, రాత్రి రెండింటికైనా మొదలుపెట్టొచ్చు. సీసాని ఊపకూడదు, నురగ వస్తుంది. మొదట చుక్కచుక్కగా వదిలి, పేషెంట్ మొహం చూస్తూ వేగం పెంచుతాం. తలనొప్పి, చలిజ్వరం మామూలే. కిడ్నీ జబ్బు ఉన్నా, రక్తం గడ్డకట్టే గుణం ఉన్నా ముందే చెప్పాలి.

ప్లాస్మా మార్పిడికి మెడ దగ్గరో తొడ దగ్గరో పెద్ద రక్తనాళంలోకి గొట్టం వేస్తారు. అది చూసే కుటుంబాలు భయపడతాయి. మెషీన్ రక్తాన్ని లాగి, యాంటీబాడీలున్న ప్లాస్మాని వేరుచేసి, కణాలను ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ద్రవంతో కలిపి తిరిగి ఎక్కిస్తుంది. తీసిన ప్లాస్మా సంచిలో పల్చటి ఆముదం రంగులో కనిపిస్తుంది. 60 కిలోల మనిషికి ఒక్కోసారి సుమారు 3 లీటర్లు. మామూలుగా రోజు మార్చి రోజు, అయిదుసార్లు. చాలాచోట్ల ఐవీఐజీ కంటే ఖర్చు బాగా తక్కువ. చిక్కల్లా బీపీతో. ఈ జబ్బులో బీపీ, గుండె వేగం వాటంతటవే ఎగిరిపడుతుంటాయి. అలాంటివాళ్లకి మెషీన్ పెట్టడం కష్టం. గొట్టం దగ్గర ఇన్ఫెక్షన్ రాకుండా కూడా చూసుకోవాలి.

నన్నడిగితే, పెద్దవాళ్లై, బీపీ నిలకడగా ఉండి, ఆ ఆసుపత్రిలో మెషీన్, అలవాటున్న స్టాఫ్ ఉంటే ప్లాస్మా మార్పిడికి ఒప్పుకోవడంలో లోటేమీ లేదు. చిన్నపిల్లలకి, బీపీ నిలవనివాళ్లకి, మెషీన్ లేని ఊళ్లో ఉన్నవాళ్లకి ఐవీఐజీయే మేలు. చివరి మాట మీ న్యూరాలజిస్టుదే. డబ్బు కోసం తిరుగుతూ నాలుగు రోజులు పోగొట్టుకోవడం మాత్రం రెండింటికంటే చెడ్డది. ఐవీఐజీ మొదటి రెండు వారాల్లో పడాలి. ప్లాస్మాకి నాలుగు వారాల దాకా వీలున్నా, ఎంత ముందైతే అంత మంచిది. ఏ పథకం వర్తిస్తుందో చేరిన రోజే అడగండి.

ఇంకో పొరపాటు తరచూ చూస్తుంటాను. అయిదు రోజుల ఇంజెక్షన్లు అయినా కాలు కదల్లేదని, వెంటనే ప్లాస్మా కూడా చేయమంటారు. ఎక్కించిన మందునే మళ్లీ కడిగి పారబోసినట్టవుతుంది. రెండో కోర్సు ఐవీఐజీ వల్లా లాభం లేదని 2021లో వచ్చిన పరిశోధన తేల్చింది. మందు దాడిని ఆపుతుంది, దెబ్బతిన్న నరం బాగుపడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. స్టెరాయిడ్లు దీనికి పనిచేయవు. "రెండు రోజులు వేసి చూద్దాం" అని ఎవరన్నా ఒప్పుకోకండి.

జబ్బు తేల్చేటప్పుడూ తొందరపాటు వద్దు. వెన్ను నీటి పరీక్ష మొదటి వారంలో మామూలుగానే రావచ్చు, నరాల టెస్టూ అంతే. అది చూసి జీబీఎస్ కాదనేయకూడదు. మోకాలి కింద సుత్తితో కొడితే కాలు ఎగరకపోవడం పెద్ద గుర్తు. పొటాషియం పడిపోయినా కాళ్లు చచ్చుబడతాయి కాబట్టి అదీ చూస్తారు. పల్లెల నుంచి వచ్చినవాళ్లని కట్లపాము కాటు గురించి కూడా అడుగుతాం. అది రెప్పలు వాలడంతో పైనుంచి మొదలై కిందికి దిగుతుంది.

ఏ వైద్యం ఎంచుకున్నా, ఈ జబ్బులో నలుగురైదుగురిలో ఒకరికి వెంటిలేటర్ అవసరం పడుతుంది. అందుకే నేను ప్రతి రెండు గంటలకీ మంచం దగ్గర నిలబడి, "అన్నా, ఒక్క ఊపిరి గట్టిగా పీల్చుకుని ఆపకుండా ఒకటి నుంచి లెక్కపెట్టండి" అంటాను. పొద్దున ఇరవై దాటినవాళ్లు సాయంత్రం పన్నెండు దగ్గర ఆగితే, వేలికి పెట్టిన మెషీన్‌లో ఆక్సిజన్ 98 చూపిస్తున్నా నమ్మను. ఆ అంకె ఆఖర్న పడుతుంది. మీరూ పక్కనే కూర్చుని లెక్కపెట్టించండి. అంకె తగ్గిందనిపిస్తే, అర్ధరాత్రయినా సరే, మమ్మల్ని లేపండి.