వర్చువల్ పియానోతో ఏడేళ్ల కాపురం

ముందే చెప్తున్నా, నేను పియానిస్ట్‌ని కాను. షార్ట్ ఫిల్మ్‌లకి బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ చేస్తుంటా, మధ్యమధ్యలో సొంత ఇన్‌స్ట్రుమెంటల్స్ చేసుకుంటా, ఏ ట్యూన్ మొదలుపెట్టినా పియానో సౌండ్ మీదే మొదలవ్వాలి నాకు, లేకపోతే చెయ్యి కదలదు. నిజం పియానో కొనే స్తోమత లేదు, ఉన్నా పెట్టుకునే చోటు లేదు, అందుకని ఏడేళ్లుగా కంప్యూటర్‌లో ఉన్న పియానోలతోనే కాపురం. ఫ్రీవి, కొన్నవి, డెమోలు అన్నీ కలిపి ఒక పదకొండో పన్నెండో ఇన్‌స్టాల్ చేసి ఉంటా. ఇవాళ్టికీ రోజూ తెరిచేవి మాత్రం రెండే. ఆ రెండే ఎందుకు మిగిలాయో చెప్దామని ఇది రాస్తున్నా.

మొదట్లో నా పిచ్చంతా సైజు మీదే. ఎన్ని జీబీలు ఎక్కువుంటే అంత మంచి పియానో అని గట్టిగా నమ్మేవాణ్ణి. అందులో కొంత నిజం లేకపోలేదు, లెక్క చూడండి, పియానోకి 88 కీలు, ఒక్కో కీని మెల్లగా నుంచి గట్టిగా దాకా 16 స్థాయిల్లో రికార్డ్ చేస్తే 1408 సాంపిల్స్, పెడల్ తొక్కి ఒకసారి తొక్కకుండా ఒకసారి అంటే 2816, మూడు మైక్ పొజిషన్లు ఇస్తే 8448, పైగా ఒక్కో బేస్ స్ట్రింగ్ సౌండ్ పూర్తిగా ఆరిపోడానికి అరనిమిషం పైనే పడుతుంది కాబట్టి ఒక్కో ఫైలూ పొడుగే. ఇలా రికార్డ్ చేసిన సాంపిల్స్‌తో అమ్మే కీస్కేప్ అనే లైబ్రరీ 77 జీబీ ఉందంటే ఊరికే కాదు, అందులో ఎలక్ట్రిక్ పియానోలూ అవీ కలిపి 36 వాయిద్యాలున్నాయి. అదే ఫ్రీగా దొరికే సాలమాండర్ గ్రాండ్ పియానో చూడండి, యమహా సీ5 ని 16 వెలాసిటీ లేయర్లలో, అంటే కొట్టే బలంలో 16 స్థాయిల్లో, తీశారు, కానీ ప్రతి కీనీ తియ్యలేదు, మూడు సెమీటోన్లకి, అంటే నల్లవీ తెల్లవీ కలిపి వరసగా మూడు కీలకి, ఒకటి చొప్పున తీసి మధ్యలో ఉన్న కీలకి పక్క కీ సౌండ్‌నే కాస్త పైకీ కిందకీ జరిపి వాడతారు. ఆ సంగతి తెలియకుండా వింటే నాకైతే ఎప్పుడూ తేడా తెలియలేదు, తెలిసిన తర్వాత మాత్రం ప్రతి నోటులోనూ వెతుక్కుంటూ కూర్చున్నా, అదొక జబ్బు.

సరే, నేను కొన్న పెద్ద లైబ్రరీ ఒకటుంది, పేరు చెప్పను. డౌన్‌లోడ్‌కి రెండు రోజులు పట్టింది. సౌండ్ మాత్రం అద్భుతం, ఒక్క కార్డ్ నొక్కి వదలకుండా అలా వింటూ ఉండిపోవచ్చు. కానీ నా పాత హార్డ్ డిస్క్ మీద అది లోడ్ అయ్యేసరికి నిమిషంన్నర, ఒక్కోసారి రెండు నిమిషాలు. దాందేముంది ఆగలేవా అంటారేమో, ఆగలేను, ట్యూన్ అనేది మనం పిలిస్తే వచ్చే చుట్టం కాదు, దానంతట అది వచ్చినప్పుడు గుమ్మంలో నిలబెట్టి లోడింగ్ బార్ చూపిస్తే అటునుంచి అటే పోతుంది. ఎన్ని పోయాయో లెక్కలేదు. తర్వాత ఎస్ఎస్‌డీకి మార్చాక లోడింగ్ పదిహేను సెకన్లకి వచ్చింది కానీ అప్పటికే మనసు విరిగిపోయింది.

ఆ విసుగులోనే పియానోటెక్ డెమో వేసుకున్నా. ఇది 2006 నుంచీ ఉన్న సాఫ్ట్‌వేర్, ఫ్రాన్స్‌లో మోడార్ట్ వాళ్లు చేస్తారు, ఇందులో రికార్డ్ చేసిన సాంపిల్స్ ఉండవు, మీరు కీ నొక్కినప్పుడు సుత్తి తీగని ఎంత వేగంతో తాకింది, తీగ ఎలా ఊగింది, సౌండ్‌బోర్డ్ ఎలా స్పందించింది అనేది అప్పటికప్పుడు లెక్కకట్టి సౌండ్ పుట్టిస్తుంది. దీని వెనకున్న ఫిలిప్ గియోమ్ అనే ఆయన గణితవేత్త, అంతకు ముందు పియానో ట్యూనర్‌గా పనిచేశాడు, రెండు పనులూ తెలిసిన మనిషి చేసింది అని వాడుతుంటే తెలుస్తుంది. మొత్తం ఒక యాభై ఎంబీల చిల్లర. మొదటిసారి చూసినప్పుడు ఫైల్ సగమే డౌన్‌లోడ్ అయ్యిందేమో అనుకున్నా నిజంగా. డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది, వెంటనే వాయించొచ్చు, అంతే.

సౌండ్ సంగతికొస్తే, ఇలా లెక్కకట్టి మోగించే మోడలింగ్ పియానోలు మధ్య ఆక్టేవ్‌లలో కాస్త గాజులా, మరీ శుభ్రంగా మోగుతాయని సాంపిల్ పక్షం వాళ్లు అంటారు. ఒంటరిగా వింటే ఆ మాటలో నిజముంది, నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ చేతికింద అది వేరే. సాంపిల్ పియానోలో పదహారో ఎన్నో మెట్లు ఉంటాయి, ఎంత కలిపి కుట్టినా ఒక్కోసారి ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి దూకడం వినిపిస్తుంది, ఇందులో మెట్లు లేవు, జారుడుబల్ల లాగా మెల్లనుంచి గట్టికి సాగిపోతుంది. పెడల్ తొక్కి ఉంచి కింద ఒక బేస్ నోట్ కొడితే పైనున్న తీగలు కూడా సన్నగా మూలుగుతాయి చూడండి, నిజం పియానోలో ఉండేదే, అది కూడా లెక్కలో వస్తుంది. సుత్తిని ఎంత గట్టిది చెయ్యాలి, తీగ ఎంత పొడుగుండాలి, పియానో ఎంత పాతబడాలి అన్నీ మార్చుకోవచ్చు. మొదటి నెల నేను ట్యూన్లు చెయ్యడం మానేసి పియానోని పాడుచెయ్యడంలోనే గడిపా.

ఇక్కడ నా సిగ్గుమాలిన కథ ఒకటి చెప్పాలి. దాదాపు రెండేళ్లు నేను వాడిన ప్రతి పియానోనీ ఏదో దుప్పటి కప్పినట్టుంది, మెరుపు లేదు అని తిట్టుకుంటూ, టోన్ సర్దే ఈక్యూలో హై ఫ్రీక్వెన్సీలు లేపుకుంటూ బతికా. ఒకరోజు వాయించిన నోట్లన్నీ బొమ్మలా కనిపించే పియానో రోల్‌లో వెలాసిటీ గీతలు చూస్తుంటే ఒక్కటి కూడా 96 దాటలేదు. మిడి అనేది కీబోర్డ్ కంప్యూటర్‌తో మాట్లాడే భాష, సౌండ్ కాదు, ఏ కీ ఎప్పుడు నొక్కారో పంపుతుంది, 1983 నుంచీ ఇదే పద్ధతి, ఎంత గట్టిగా కొట్టారో 1 నుంచి 127 దాకా ఒక నంబర్‌గా పంపుతుంది. నా కీబోర్డ్ నేను పిడికిలితో గుద్దినా 100 లోపే పంపుతోంది! అంటే అంత జాగ్రత్తగా రికార్డ్ చేసిన పై లేయర్లు, ఆ మెరుపంతా, నా ఇంట్లో ఒక్కసారి కూడా మోగలేదన్నమాట. తప్పు సాఫ్ట్‌వేర్లది కానే కాదు. వెలాసిటీ కర్వ్ అని చాలా పియానో ప్లగిన్లలో ఒక చిన్న గ్రాఫ్ ఉంటుంది, దాన్ని కాస్త పైకి వంచా, అంతే, అప్పటిదాకా అమ్మేద్దామనుకున్న పియానో కొత్తదైపోయింది. మీరు ఏ పియానో కొన్నా, కొనకముందు కూడా, ఈ ఒక్క పని చేసుకోండి, మీ మామూలు వాయింపులో మెల్లగా కొట్టింది 30 దగ్గర, బాగా గట్టిగా కొట్టింది 120 దగ్గర పడేలా సర్దుకోండి. పియానోలు మార్చడం కంటే దీంతోనే ఎక్కువ తేడా వచ్చింది నాకు.

లేటెన్సీ, అంటే కీ నొక్కాక సౌండ్ వినపడేదాకా పట్టే ఆలస్యం, దాని గురించి అందరూ చెప్తారు కాబట్టి ఎక్కువ చెప్పను. సెకనుకి 44,100 శాంపిల్ రేట్ దగ్గర బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకి పోగేసి పంపే శాంపిల్స్ లెక్క, 128 పెడితే సుమారు 3 మిల్లీసెకన్లు, గాల్లో శబ్దం ఒక మీటర్ దూరం వెళ్లడానికి కూడా అంతే పడుతుంది, అంటే పియానో ముందు కూర్చున్నట్టే. 512 పెడితే 11.6, నాలుగు మీటర్ల అవతలున్న పియానోని కర్రతో వాయిస్తున్నట్టు. దీనికి తోడు కంప్యూటర్‌కి తగిలించే సౌండ్ పెట్టె, అదే ఆడియో ఇంటర్ఫేస్, దాని డ్రైవర్ వాటి వంతు ఆలస్యం అవి కలుపుతాయి. విండోస్ అయితే ఆలస్యం తగ్గించే మంచి ఏఎస్ఐఓ డ్రైవర్ ఉన్న ఇంటర్ఫేస్ తీసుకోండి, వాయించేటప్పుడు బఫర్ తగ్గించి మిక్స్ చేసేటప్పుడు పెంచుకోండి. అంతకన్నా దీని మీద చర్చ అనవసరం.

పెడల్ మాత్రం చాలామంది పట్టించుకోరు. కీబోర్డ్‌తో పాటు ఇచ్చే ఆ చిన్న చదరపు స్విచ్ ఉంటుందే, అది పంపేది రెండే నంబర్లు, 0 లేదా 127. నిజం పియానోలో తీగల మోత ఆపే డ్యాంపర్లు తీగల మీద సగం ఆనే స్థితి ఒకటుంటుంది, సౌండ్ పూర్తిగా తెగదు, పూర్తిగా మోగదు, మసగ్గా ఉంటుంది, మంచి పియానోలు దాన్ని కూడా సపోర్ట్ చేస్తాయి కానీ మనం పంపకపోతే అదేం చేస్తుంది. మధ్య విలువలు పంపే పెడల్ కొన్నాక నెమ్మది పాటల్లో నా కార్డ్స్ మారే తీరే మారిపోయింది. అన్నట్టు కొత్త పెడల్ పెట్టగానే తొక్కితే సౌండ్ ఆగి, వదిలితే మోగుతుంటే భయపడకండి, పోలారిటీ తిరగబడిందంతే, పెడల్ తొక్కకుండా కీబోర్డ్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే చాలా కీబోర్డ్‌లలో సర్దుకుంటుంది. నేను దానికోసం ఒక సాయంత్రం మొత్తం వైర్లు పీకి పెట్టా.

నా రెండో పియానో ఫెల్ట్ పియానో. ఈ మధ్య మ్యూజిక్ చేసేవాళ్లందరికీ దీని పిచ్చి పట్టింది కదా, సుత్తికీ తీగకీ మధ్య ఫెల్ట్ గుడ్డ అడ్డం పెడితే సౌండ్ మెత్తగా, దగ్గరగా, చెవిలో చెప్తున్నట్టు వస్తుంది, కీలు కదిలే టకటకా, కుర్చీ కిర్రుమనడం కూడా వినిపిస్తాయి. జర్మన్ పియానిస్ట్ నిల్స్ ఫ్రామ్ రాత్రుళ్లు పక్కింటివాళ్లకి ఇబ్బంది కాకూడదని ఇలా వాయించడం మొదలుపెట్టి దాన్నే ఒక శైలిగా చేసేశాడు, తర్వాత డేవిడ్ క్లావిన్స్ ఒక్కో నోటుకి ఒకే తీగ ఉండే ఊనా కోర్డా పియానో తయారుచేస్తే 2015లో నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ దాన్ని సాఫ్ట్‌వేర్‌గా తెచ్చింది. తర్వాత వాళ్లదే వచ్చిన నోయిర్ అయితే ఫ్రామ్ సొంత గ్రాండ్ పియానో యమహా సీఎఫ్‌ఎక్స్, బెర్లిన్‌లో ఆయన స్టూడియోలోనే రికార్డ్ చేశారు. ఫ్రీగా మొదలుపెట్టాలంటే స్పిట్‌ఫైర్ వాళ్ల ల్యాబ్స్‌లో సాఫ్ట్ పియానో ఉంది, నేనూ దాంతోనే మొదలుపెట్టా, ఇప్పటికీ డైలాగ్ కింద పియానో పెట్టాలంటే చెయ్యి ముందు దానిమీదకే పోతుంది. గ్రాండ్ పియానో డైలాగ్‌తో పోట్లాడుతుంది, ఇది పక్కకి తప్పుకుని కూర్చుంటుంది. ఒక్క హెచ్చరిక, ఫెల్ట్ మీద ఏది వాయించినా బాగుంటుంది, రెండు నోట్లు కొట్టినా పెద్ద ఫీల్ వచ్చేస్తుంది, అందుకే అక్కడ పుట్టిన ట్యూన్‌ని ఒకసారి మామూలు పియానో మీద వాయించి చూస్తా, అక్కడ కూడా నిలబడితేనే ఉంచుకుంటా. సగం నిలబడవు.

మిడి రికార్డ్ చేసుకుంటే తర్వాత పియానో మార్చుకోవచ్చు అంటారు, నేనూ అదే నమ్మి మూడేళ్ల పాత ట్యూన్ ఒకటి కొత్త పియానో మీద వేశా. నోట్లు అవే, ప్రాణం లేదు. ఎందుకంటే ఆ రోజు నేను ఎంత గట్టిగా కొట్టాలో, పెడల్ ఎప్పుడు వదలాలో చెవికి వినపడిన పియానోని బట్టి నిర్ణయించుకున్నా, చెవి అప్పుడు విన్నది వేరే పియానోని కదా. చివరికి మళ్లీ వాయించాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు ఏ పియానోతో వాయించానో దాన్నే ఆడియోగా కూడా బౌన్స్ చేసి పెట్టుకుంటున్నా.

ఈ బౌన్స్ అలవాటుకి ఇంకో కారణం కూడా ఉంది. ముందు చెప్పిన పెద్ద లైబ్రరీ, కంప్యూటర్ మదర్‌బోర్డ్ పోయి కొత్తది పెట్టించాక నువ్వు ఎవరో నాకు తెలీదు అంది. యాక్టివేషన్లు అయిపోయాయట. మెయిల్ పెడితే మూడు వారాలకి జవాబు, ఈలోగా డెలివర్ చెయ్యాల్సిన స్కోర్‌లో పియానో ట్రాక్ మూగగా కూర్చుంది. డబ్బులు పెట్టి కొన్నవాడికే ఈ అవస్థ. మీరు కొనేముందు ఎన్ని మెషిన్లలో వాడుకోవచ్చు, ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకుంటుందా అనేది సౌండ్ డెమోలకంటే ముందు చదవండి.

మిక్స్‌లో ఒక్క మాట. చాలా పియానోలు వాయించేవాడి చెవికి వినిపించినట్టు, బేస్ ఎడమకి హై నోట్లు కుడికి బాగా పరిచి ఇస్తాయి, హెడ్‌ఫోన్స్‌లో స్వర్గం. అదే ఫోన్ స్పీకర్‌లో ఎడమా కుడీ కలిసి మోనో అయ్యేసరికి మైకుల మధ్య ఫేజ్ తేడా వల్ల అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సగం నోట్లు పలచబడిపోతాయి. నేను స్టీరియో వెడల్పు సగానికి తగ్గించేస్తా, లోపలున్న రివర్బ్, అంటే గది ప్రతిధ్వని, ఆపేసి బయట నాది పెట్టుకుంటా, 250 హెర్ట్జ్ చుట్టుపక్కల కాస్త కోస్తా. పియానో ఒంటరిగా వింటే బక్కగా ఉంటుంది, మిగతా వాయిద్యాలతో కలిస్తే సరిపోతుంది.

ప్రస్తుతానికి నా తలనొప్పి పియానో కాదు, కీబోర్డ్. మధ్య సీ పక్కనున్న డీ ఒక్కసారి నొక్కితే రెండుసార్లు మోగుతోంది, రెండోది వెలాసిటీ 127తో, ఇన్నాళ్లూ నేను ఎంత గుద్దినా రాని నంబర్. విప్పి శుభ్రం చేసే ఓపిక లేక ఆ డీ తగలకుండా అన్నీ ఒక సెమీటోన్ జరిపి, అంటే ట్రాన్స్‌పోజ్ చేసి, వాయిస్తున్నా, రెండు నెలలుగా నేను చేసినవన్నీ డీ ఫ్లాట్ స్కేల్‌లోనే ఉన్నాయి.