వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్: తాళం వేశారు, గొళ్ళెం మరిచారు

బెంగళూరులో మారతహళ్ళి, మున్నేకొళాల, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండే తెలుగువాళ్ళ ఫోన్లలో మూడు రకాల గ్రూపులు మామూలుగా కనబడతాయి: ఊరి గ్రూపు, పార్టీ గ్రూపు, అపార్ట్‌మెంట్ సంఘం గ్రూపు. మొదటి రెండింటి గొడవంతా ఆంధ్రలోనో తెలంగాణలోనో ఉన్న ఓటు గురించి. మూడోదాంట్లో ట్యాంకర్ నీళ్ళు, చెత్త బండి, రోడ్డు గుంటలు. నగరపాలక సంస్థ బీబీఎంపీకి చివరిసారి ఎన్నికలు జరిగింది 2015లో. ఆ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో తీరింది. 2025లో నగరాన్ని అయిదు కార్పొరేషన్లుగా విడగొట్టేనాటికి అయిదేళ్ళుగా ఏ వార్డుకీ కార్పొరేటర్ లేడు. ఫిర్యాదు చెప్పుకునే చోటు వాట్సాప్ గ్రూపే అయింది. ఈ సమీక్ష అలాంటి గ్రూపులు నడిపే అడ్మిన్ల కోసం.

ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్, అంటే పంపినవాళ్ళూ అందుకున్నవాళ్ళూ తప్ప మధ్యలో కంపెనీ కూడా చదవలేని తాళం, ఉందా అని అందరూ అడుగుతారు. వాట్సాప్‌లో 2016 నుంచీ ఉంది, మంచిదే. కానీ "ఆదివారం పదింటికి సభకి రండి" అన్న మెసేజ్‌లో గుట్టేముంది? గుట్టంతా సభ్యుల జాబితాలో ఉంది. ఏ పార్టీ గ్రూపులో మీ నంబరు ఉందో తెలిస్తే చాలు, మీరు ఒక్క ముక్క రాయకపోయినా మీ రాజకీయం బయటపడ్డట్టే. మెసేజ్‌కి తాళం వేసి జాబితాకి గొళ్ళెం మరిచిన యాప్‌కి మేం మార్కులు తగ్గిస్తున్నది అందుకే.

నంబరు దగ్గర మొదలుపెట్టి మనిషి దాకా వెళ్ళే దారి ఎంత దగ్గరో చూడండి. ఆ 10 అంకెలు యూపీఐ యాప్‌లో కొడితే చాలాసార్లు బ్యాంకు ఖాతాలోని పేరు వచ్చేస్తుంది. అందులో ఇంటిపేరు ఉంటుంది. ఇంటిపేరు చూసి కులమూ, జిల్లా అంచనా కట్టడం మన ఊళ్ళలో ఎవరూ నేర్పక్కర్లేని విద్య. ఇక ఓటర్ల జాబితా పీడీఎఫ్‌లో పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, ఓటరు కార్డు సంఖ్య అన్నీ ఉంటాయి. గ్రూపు జాబితా, యూపీఐ పేరు, ఓటర్ల జాబితా పక్కపక్కన పెట్టుకుంటే ఏ బూతులో ఎవరు ఎటువైపో ఒక పూటలో షీటు తయారవుతుంది. 2022 నవంబరులో బెంగళూరులోనే, ఓటర్ల అవగాహన పేరుతో అనుమతి తెచ్చుకున్న ఒక ట్రస్టు ఇంటింటికీ మనుషుల్ని పంపి ఓటర్ల వివరాలు పోగేసిందన్న ఆరోపణ మీద కేసు నమోదై అరెస్టులు జరిగాయి. ఆ పనికి అప్పుడు ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చింది. గ్రూపులో మన వివరాలు మనమే పళ్ళెంలో పెట్టి ఇస్తున్నాం.

వాట్సాప్ మామూలు గ్రూపులో 1,024 మంది దాకా పడతారు. ప్రతివాడి నంబరూ ప్రతివాడికీ కనబడుతుంది. ఇన్వైట్ లింకు ఫేస్‌బుక్‌లో పడిందంటే ముక్కూ మొహం తెలియనివాడు చేరి, జాబితా చూసుకుని, పది నిమిషాల్లో వెళ్ళిపోతాడు. అతను వెళ్ళిన సంగతి అడ్మిన్లకి తప్ప ఎవరికీ నోటిఫికేషన్ రాదు. పార్టీ మారి గ్రూపు వదిలేసినవాళ్ళ పేర్లు కూడా పాత సభ్యుల జాబితాలో 60 రోజులు అలాగే ఉంటాయి. ఎన్నికల సీజన్లో ఆ 60 రోజులు చిన్న విషయం కాదు.

దీనికి చేయగలిగింది ఉంది. గ్రూప్ పర్మిషన్స్‌లో కొత్త సభ్యుల్ని అడ్మిన్ ఆమోదించే మీట వేయండి. సభ్యుల్ని చేర్చే అధికారం అడ్మిన్లకే ఉంచండి. లింకు ఎక్కడైనా బయటపడితే రీసెట్ లింక్ కొట్టండి, పాతది చచ్చిపోతుంది. సభ్యులు తమవైపు నుంచి సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో గ్రూప్స్ తెరిచి 'మై కాంటాక్ట్స్' పెట్టుకుంటే ఎవడుపడితే వాడు లాక్కెళ్ళి పార్టీ గ్రూపులో పడేయలేడు. ప్రొఫైల్ ఫోటో కూడా కాంటాక్ట్స్‌కే పరిమితం చేయాలి. 2025లో వియన్నా విశ్వవిద్యాలయం పరిశోధకులు, నంబరు వాట్సాప్‌లో ఉందో లేదో చెప్పే సదుపాయాన్నే వాడుకుని దాదాపు 350 కోట్ల ఖాతాలను లెక్కతేల్చారు. ఫోటో అందరికీ తెరిచి పెట్టినవాళ్ళవి ఫోటోలతో సహా దొరికాయి. తరువాత కంపెనీ ఆ దారి బిగించింది.

మేం సిఫారసు చేసేది వాట్సాప్‌లోనే ఉన్న కమ్యూనిటీ, అంటే కొన్ని గ్రూపుల్ని ఒక గొడుగు కిందికి తెచ్చే సదుపాయం. ఇందులో అడ్మిన్ల ప్రకటనలకని ఉండే అనౌన్స్‌మెంట్ గ్రూపులో ఉన్న మామూలు సభ్యుడి నంబరు తోటి సభ్యులకి కనబడదు, అడ్మిన్లకీ అతని నంబరు ముందే సేవ్ చేసుకున్నవాళ్ళకీ మాత్రమే తెలుస్తుంది. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పాత 900 మంది గ్రూపుని అలాగే తెచ్చి కమ్యూనిటీకి తగిలించి 'ఇప్పుడు సేఫ్' అనుకుంటారు. ఆ పాత గ్రూపులోపల నంబర్లు ఎప్పటిలాగే కనబడుతూనే ఉంటాయి. ఖాళీ కమ్యూనిటీ కొత్తగా తెరిచి, దాని లింకుతో జనాన్ని అనౌన్స్‌మెంట్‌లోకి రమ్మని, పనిచేసే 15, 20 మంది కార్యకర్తలకి మాత్రం లోపల చిన్న గ్రూపు పెట్టి, పాత గ్రూపు మూసేయాలి. పదికి ఏడు ఇవ్వొచ్చు. మామూలు గ్రూపుకి నాలుగు కూడా ఎక్కువే.

కేవలం ప్రకటనలే అయితే వాట్సాప్ ఛానెల్ చాలు. ఫాలోవర్లకి ఒకరి నంబరు ఒకరికి తెలియదు. అయితే ఛానెల్‌లో రాసేది ఎన్‌క్రిప్ట్ కాదు, అది బహిరంగ గోడపత్రిక అనుకునే రాయాలి.

ఇక లైవ్ లొకేషన్. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పోలింగ్. అలాంటి వారంలో బెంగళూరు నుంచి ఊళ్ళకి వెళ్ళే బస్సుల గ్రూపుల్లో దీనికి గిరాకీ ఎక్కువ. వాట్సాప్ ఇచ్చే గడువులు మూడే: 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు. విజయవాడ బస్సు 8 గంటల్లో చేరదు, కాబట్టి దారిలో ఎవరో ఒకరు లేచి మళ్ళీ మొదలుపెట్టాలి. లొకేషన్ ఒకేచోట గడ్డకట్టుకుపోయిందంటే చాలాసార్లు తప్పు యాప్‌ది కాదు, ఫోన్ బ్యాటరీ పొదుపుది. షావోమీ, వివో, ఒప్పో ఫోన్లలో ఇది మరీ ఎక్కువ. యాప్ బ్యాటరీ సెట్టింగులో 'నో రెస్ట్రిక్షన్స్', లొకేషన్ అనుమతిలో 'ఎల్లప్పుడూ' పెడితే కదులుతుంది. లొకేషన్ పంచేది బస్సు ఇన్‌ఛార్జి ఒక్కడే అయ్యుండాలి, అదీ ఆ బస్సు 40 మంది గ్రూపులోనే. పెద్ద గ్రూపులో పెడితే అతను దిగి ఏ వీధిలో ఏ ఇంట్లోకి వెళ్ళాడో దాకా 900 మంది చూస్తారు. దిగగానే ప్రైవసీలో లైవ్ లొకేషన్ తెరిస్తే ఎక్కడెక్కడ పంచుతున్నారో కనబడుతుంది, అక్కడే ఆపేయొచ్చు.

బస్సు గ్రూపులో ఇంకో చిక్కు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 123(5) ప్రకారం అభ్యర్థి, ఆయన ఏజెంటు, లేదా వాళ్ళ సమ్మతితో మరొకరు ఓటర్లని పోలింగ్ కేంద్రానికి ఉచితంగా చేరవేయడానికి వాహనం మాట్లాడితే అది అవినీతికర చర్య. ఎవరి డబ్బుతో వాళ్ళు టికెట్ కొనుక్కుంటే గొడవ లేదు. "అన్న తరఫున ఫ్రీ బస్సు" అని ఉత్సాహంగా పెట్టిన మెసేజ్, దాని కింద పేర్ల జాబితా మాత్రం, ఎన్‌క్రిప్షన్ ఎంత ఉన్నా ఒక్క స్క్రీన్‌షాట్‌తో సాక్ష్యాలైపోతాయి. పనిలో పని, 'గ్రూపులో ఎవడేం పెట్టినా అడ్మిన్ జైలుకే' అని తిరిగే ఫార్వర్డ్ సంగతి: సభ్యుడి పోస్టుకి అడ్మిన్‌ని బాధ్యుణ్ణి చేయలేమని 2021లో బొంబాయి హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అడ్మినే స్వయంగా పెట్టినదానికి ఆ రక్షణ లేదు.

టెలిగ్రామ్ సరిగ్గా తిరగబడిన కేసు. జాబితాకి గొళ్ళెం ఉంది, మెసేజ్‌కి తాళం లేదు. గ్రూపులో 2,00,000 మంది పడతారు, 100 మంది దాటిన గ్రూపులో సభ్యుల జాబితా దాచేసే మీట అడ్మిన్ చేతిలో ఉంటుంది, అడ్మిన్ తన పేరు బయటపెట్టకుండా గ్రూపు పేరుతోనే మాట్లాడొచ్చు. లైవ్ స్ట్రీమ్ వాట్సాప్ వాయిస్ చాట్ కన్నా ఎంతో సాఫీ: చెయ్యెత్తినవాళ్ళకే మైకు ఇవ్వొచ్చు, రికార్డింగ్ లోపలే ఉంది. పెద్ద సభకి ఇదే హాయి. కానీ గ్రూపు మాటలన్నీ కంపెనీ సర్వర్ మీదే ఉంటాయి. మెసేజ్‌లకి ఎండ్ టు ఎండ్ కావాలంటే ఇద్దరి మధ్య సీక్రెట్ చాట్ ఒక్కటే దారి. 2024 ఆగస్టులో ఫ్రాన్సులో టెలిగ్రామ్ వ్యవస్థాపకుడు పావెల్ దురోవ్ అరెస్టయ్యాక, చట్టబద్ధమైన అభ్యర్థన వస్తే నేరాల్లో అనుమానితుల ఫోన్ నంబరు, ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్ చిరునామా) ఇస్తామని కంపెనీ తన విధానంలో రాసుకుంది.

టెలిగ్రామ్‌లో నంబరు దాచడం సగం సగం చేస్తే చేయనట్టే. ఫోన్ నంబర్ సెట్టింగులో 'నోబడీ' పెట్టగానే దాని కింద ఇంకో ప్రశ్న తెరుచుకుంటుంది: నంబరుతో నన్ను ఎవరు వెతకొచ్చు? అక్కడ 'ఎవ్రీబడీ' వదిలేస్తే, ఎదుటివాడు వేల నంబర్లు తన ఫోన్లో సేవ్ చేసుకుని, వాటిలో ఏది మీ గ్రూపులోని ఏ ఖాతాకి అతుకుతుందో చూసుకోగలడు. 2019లో హాంకాంగ్ నిరసనకారులు ఈ భయంతోనే గోల పెట్టాక ఆ రెండో ప్రశ్న వచ్చింది. 'మై కాంటాక్ట్స్' చేయండి. కాంటాక్ట్స్ సింక్ ఆపి, ఇప్పటికే ఎక్కినవి తుడిచేయండి. కాల్స్‌లో పీర్ టు పీర్ (ఫోన్ నుంచి ఫోన్‌కి నేరుగా కలిపే పద్ధతి) కూడా 'నోబడీ' ఉంటే ఎదుటివాడికి మీ ఐపీ వెళ్ళదు.

సిగ్నల్‌కి రెండూ ఉన్నాయి. 2024 ఫిబ్రవరి నుంచి యూజర్‌నేమ్ వచ్చింది, నంబరు ఎదుటివాడికి కనబడకుండా, నంబరుతో వెతకడానికి కూడా వీల్లేకుండా పెట్టుకోవచ్చు. అమెరికాలో కోర్టు అడిగినప్పుడు ఖాతా తెరిచిన తేదీ, సర్వర్‌కి చివరిసారి కనెక్ట్ అయిన తేదీ తప్ప ఇవ్వడానికి వాళ్ళ దగ్గర ఏమీ లేకపోయింది. గ్రూపు పరిమితి 1,000. లోపమేమిటంటే మన జనం అక్కడ లేరు. ఊళ్ళో పెదనాన్న చేత ఇన్‌స్టాల్ చేయించడం సగం ప్రచారమంత పని. లైవ్ లొకేషన్ కూడా లేదు. అభ్యర్థి ఎంపిక, డబ్బు లెక్కలు, ఫిర్యాదు చేసినవాళ్ళ పేర్లు మాట్లాడుకునే 10 మందికి మాత్రం ఇదే వాడాలి. మాయమయ్యే మెసేజ్‌లని 1 వారానికి పెట్టుకోండి, 4 వారాలు ఎక్కువ.

వార్డు సమావేశాన్ని యూట్యూబ్‌లో లైవ్ పెట్టేవాళ్ళకి కొద్దిగా. కొత్త ఛానెల్‌కి నంబరు ధ్రువీకరించాక లైవ్ తెరుచుకోవడానికి 24 గంటల దాకా పడుతుంది, ఫోన్ నుంచి పెట్టాలంటే 50 మంది సబ్‌స్క్రైబర్లు కావాలి. సమావేశం రోజు ఉదయం ఇది గుర్తొచ్చినవాళ్ళకి మందు లేదు. 720పీ కి 4 ఎంబీపీఎస్ అప్‌లోడ్ అవసరమైతే, 8 వచ్చే చోటే మొదలుపెట్టండి. ప్రశ్న అడిగే మనిషి మొహం, ఫ్లాట్ నంబరు కెమెరాలోనూ మైకులోనూ పడకుండా చూసుకోవాలి, ఎందుకంటే లైవ్ ముగిశాక ముక్కలు చేసుకుని తిప్పడం ఎవరి చేతిలోనూ ఆగదు. 2024 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు విచారణ క్లిప్పులే దేశమంతా తిరిగి, సుప్రీంకోర్టు తనంతట తాను కలగజేసుకునే దాకా వెళ్ళింది. అంతకుముందు 2023 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు జూమ్ విచారణల్లోకే ఎవరో చొరబడి అశ్లీల వీడియోలు పెడితే లైవ్ కొన్నాళ్ళు ఆపేయాల్సి వచ్చింది. మీ మీటింగు కూడా జూమ్‌లో ఉంటే వెయిటింగ్ రూమ్ వేయండి, స్క్రీన్ షేర్ హోస్టుకే ఉంచండి.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు తేల్చిన కేసు వేసింది కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కేఎస్ పుట్టస్వామి, అంటే మన బెంగళూరాయనే. ఆ తీర్పు తరువాత 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అందులోని ప్రధాన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. సొంత, ఇంటి అవసరాలకి వాడే సమాచారానికి ఆ చట్టంలో మినహాయింపు ఉంది. సంఘం పేరుతోనో పార్టీ పేరుతోనో పెట్టిన 900 మంది జాబితాని ఇంటి అవసరం అనడం కష్టం.

చివరి చిల్లు యాప్‌లో కాదు, బస్సు సీట్ల కోసం పెట్టిన గూగుల్ షీటులో ఉంటుంది. పేరు, నంబరు, నియోజకవర్గం, బూతు సంఖ్య రాయించి, 'లింకు ఉన్న ఎవరైనా' అని తెరిచి, ఎన్నికలయ్యాక కూడా అలాగే వదిలేస్తారు. సీటుకి కావలసింది పేరు, నంబరు, ఎక్కే చోటు అంతే. బూతు సంఖ్య అడగొద్దు. షీటు కాకుండా ఫారం పెడితే నింపేవాళ్ళకి ఒకరి వివరాలు ఒకరికి కనబడవు. బస్సు తిరిగొచ్చిన రోజే షేరింగ్ ఆపి షీటు తీసేయండి, ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది కాబట్టి అక్కడా ఖాళీ చేయండి. ఈలోగా ఎవరైనా దించుకున్న కాపీ ఉంటే అది వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది.